ఎనిమిదో తరగతి నుంచే ఖాకీ

హైదరాబాదు నాచారం ప్రాంతంలో శాంతిభద్రతలు ఒక్కసారిగా మెరుగుపడ్డ సంవత్సరం ఏదంటే రెండువేల ఎనిమిది అని చెప్పాలి. ఆ ఏడు బడులు తెరిచిన రోజునే, శ్రీ వికాసతేజం కాన్సెప్ట్ హైస్కూల్ కరస్పాండెంట్ చలపతిరావు గారు ప్రార్థన ముగిసీ ముగియకముందే మైకు అందుకున్నారు. ఇకమీదట తమ పాఠశాలలో ఎనిమిదో తరగతి నుంచే పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు సిబ్బంది తయారు చేయబడతారని ప్రకటించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టడం ఆ బడిలో మొదటినుంచీ ఉన్న క్రమశిక్షణ.

ఈ మహత్తర నిర్ణయం వెనక దేశభక్తి తప్ప మరే కారణమూ లేదు. బడికి కుడివైపున ఒక ఐఐటీ ఫౌండేషన్ స్కూలు, ఎడమవైపున ఒక ఒలింపియాడ్ స్కూలు వెలిసి, మధ్యలో ఉన్న చలపతిరావు గారి బడి పిల్లల్ని చెరోవైపు నుంచీ లాగేసుకుంటున్న మాట నిజమే. కానీ దానికీ దీనికీ సంబంధం లేదని ఆయనే స్వయంగా చెప్పారు. ఎవరూ అడగకపోయినా చెప్పారు.

"మన దేశంలో ఇంజనీర్లు ఎక్కువైపోయారండీ. ఇంతమంది ఇంజనీర్లని కాపాడటానికి మనుషులు కావాలా, వద్దా? ఆ మనుషుల్ని తయారుచేసే భాగ్యం ఆ భగవంతుడు మన నాచారానికి ప్రసాదించాడు!" అన్నారాయన తల్లిదండ్రుల సమావేశంలో. తల్లిదండ్రులు చాలామంది ఇంజనీర్లే కాబట్టి తమను కాపాడబోతున్నందుకు సంతోషించారు.

కోర్సుకు డైరెక్టరుగా ఉమామహేశ్వర్ నియమితుడయ్యాడు. ఆ బడిలో ఆటల మాస్టారు అతనే. బడికి ఆటస్థలం లేదు. కింద హార్డ్‌వేర్ దుకాణం, పైన మూడంతస్తుల బడి, ఆపైన నీళ్ళ ట్యాంకు. అందువల్ల అతను ఇన్నేళ్ళూ గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఆపడం, టైలు సరిచేయడం, బస్సు వెనక్కి వస్తుంటే "రానీ, రానీ" అనడం అనే మూడు ఆటలు మాత్రమే ఆడించగలిగాడు. వయసులో ఉండగా ఎస్సై ఎంపికలకు వెళ్ళాడు. పరుగులో నెగ్గి, ఎత్తు దగ్గర వెంట్రుకవాసిలో పోయాడు. ఆ వెంట్రుకల్ని కూడా లెక్కలోకి తీసుకోమని బతిమాలితే కుదరదన్నారు.

అలాంటి ఉమామహేశ్వర్‌కు చలపతిరావు గారు ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, ఎర్ర తాడుకు వేలాడే విజిల్ ఇచ్చారు. మొదటిరోజు అవి వేసుకుని ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా వస్తుంటే ఒక ఆటోవాడు తనంతట తానే ఆటో పక్కకు తీసి, కాగితాలు చూపించబోయాడు. "నేను పోలీస్ గాదు భయ్, పో" అన్నాడు ఉమామహేశ్వర్. అన్నాడే గానీ, బడి చేరేదాకా అతని ఛాతీ దిగలేదు. ఆ ఖాకీని ఎలాగైనా నిలబెట్టుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాడు.

సిలబస్ చలపతిరావు గారే రాశారు. పోలీసు విభాగంలో ప్రధానమైన పాఠం 'పరిధి'. రెండు స్టేషన్ల సరిహద్దు మీద ఒక సైకిలు పడి ఉంది. ముందు చక్రం ఇటు, వెనక చక్రం అటు ఉన్నచో కేసు ఎవరు తీసుకొనరాదో వివరింపుము. ఇది యూనిట్ పరీక్షలో వచ్చిన ప్రశ్న. పిల్లలందరూ సరిగ్గా రాశారు. రెండో పాఠం, పెద్దలు వచ్చునప్పుడు రోడ్డు ఆపుట. మూడోది, పెద్దలు పోయిన తరువాత కూడా కొంతసేపు ఆపి ఉంచుట.

అగ్నిమాపక విభాగంలో నిప్పు వాడకూడదని నిబంధన. మూడంతస్తుల మీద నిప్పు ప్రమాదకరం కదా. అందుచేత నిప్పు నిర్వచనం, లక్షణాలు, లాభనష్టాలు, నిప్పు ఆర్పు విధానం ఐదు పాయింట్లలో బట్టీ పట్టించారు. బడిలో మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి ఉంది. దొంగలెత్తుకుపోతారని దాన్ని ఆఫీసు గదిలో గ్రిల్ వెనక పెట్టి తాళం వేశారు. తాళంచెవి చలపతిరావు గారి ఇంట్లో భద్రంగా ఉంది, ఇల్లు ఎక్కడో అవతల ఏఎస్ రావు నగర్లో ఉంది.

అంబులెన్సు విభాగానికి స్ట్రెచర్ వచ్చింది. పేషెంటు మాత్రం రాలేదు. ఆ లోటును ఉమామహేశ్వరే తీర్చాడు. రోజూ మూడో పీరియడులో అతను కళ్ళు మూసుకుని పడుకుంటే, పిల్లలు ఎత్తుకుని స్టాఫ్‌రూము దాకా మోసుకెళ్ళి దింపేవారు. ఆ రోజుల్లో అతని ఆరోగ్యం చాలా బాగుపడింది.

శిక్షణ ఫలితాలు ఊహించినదానికంటే త్వరగా కనిపించాయి. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు కోర్సు కోసం కుట్టించిన ఖాకీలో వెళ్ళి సందు చివరి దుకాణంలో చాక్లెట్ అడిగితే, దుకాణదారు డబ్బు తీసుకోలేదు. మర్నాడు ఏడుగురు వెళ్ళారు. చలపతిరావు గారు ఈ విషయం విని, వృత్తి విద్యకు ఇంతకంటే రుజువేం కావాలని మురిసిపోయారు.

ఆ కోర్సును పొరపాటున నిజమనుకున్న పిల్ల ఒక్కతే. పేరు ధనశ్రీ, తొమ్మిదో తరగతి. తండ్రి చంద్రశేఖర్ గారు గుడివాడ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో గుమాస్తాగా స్థిరపడ్డారు. పిల్ల మాత్రం నాచారంలోనే పుట్టి పెరిగింది కనక ఇంట్లో ఒక తెలుగు, బడిలో ఒక తెలుగు మాట్లాడేది. ఐదు పాయింట్లూ గడగడా అప్పజెప్పి, ఒకరోజు ఉమామహేశ్వర్‌ను ఆపింది.

"సార్, నూనెకు మంట అంటుకుంటె గిన నీళ్ళు పోస్తే ఏమైతది? మూడో పాయింట్ల నీళ్ళు పొయ్యుము అని ఉన్నది."

ఉమామహేశ్వర్‌కు తెలియదు. తెలియదని చెప్పడానికి ఖాకీ అడ్డం వచ్చింది. "రేపు చెప్త" అన్నాడు. ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఫైర్ స్టేషన్లో పనిచేసే తన మేనబావ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. బావ చాయ్ తాగించి, అన్నీ విడమరిచి చెప్పాడు. మర్నాడు ఉమామహేశ్వర్ నీళ్ళ ట్యాంకు పక్కన కిరసనాయిలు పొయ్యి మీద చిన్న మూకుడు పెట్టి, నూనె మండించి, తడి గోనెసంచి కప్పి ఆర్పి చూపించాడు. పిల్లల కళ్ళు మెరిశాయి. ధనశ్రీ నాలుగుసార్లు చేసి చూసింది.

పొగ చూసి చలపతిరావు గారు పైకి వచ్చారు.

"ఇదేమిటయ్యా? ఇది సిలబస్‌లో ఉందా?"

"లేదు సార్. గని పిల్లలకు పనికొస్తది..."

"పనికొచ్చేవన్నీ నేర్పితే పరీక్షలెప్పుడు పెడతాం? ఇంకోసారి ఇలాంటి పిచ్చి పనులు చేశావంటే వేరే గేటు చూసుకోవాల్సి ఉంటుంది."

ఉమామహేశ్వర్ తలవంచుకుని మూకుడు తీసేశాడు. ఖాకీ ఉంటే చాలనుకున్నాడు.

డిసెంబరులో బహిరంగ ప్రదర్శన ఏర్పాటైంది. బడి పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది. ముగ్గురు సొంతదారులు ఉండటం వల్ల అది ఖాళీగా ఉంది. అక్కడ షామియానా వేసి, వేదిక కట్టి, తాటాకులతో ఒక గుడిసె వేశారు. స్థానిక నాయకుడు ముఖ్య అతిథి. ఆయన ప్రసంగం ముగించి విజిల్ ఊదగానే గుడిసె అంటుకోవాలి, పిల్లలు ఆర్పాలి, లోపల పడుకున్న ఉమామహేశ్వర్‌ను స్ట్రెచర్ మీద మోసుకురావాలి, అందరూ బజ్జీలు తినాలి. వేదిక ముందు ఎర్ర రంగు వేసిన బకెట్లు వరసగా పెట్టారు. రంగు కొత్తది, నీళ్ళు పోస్తే పాడవుతుందని వాటిలో బంతిపూలు నింపారు.

పొద్దున అకాల వర్షం ఒక జల్లు కురిసి పోయింది. గుడిసె తడిసింది, నేల మీద పరచిన గోనెపట్టాలు తడిసి ముద్దయ్యాయి. ముఖ్య అతిథి మాత్రం తడవకుండా వచ్చి, మైకు పట్టుకున్నారు.

"ఇయ్యాల మన పిల్లలు గీ ఖాకీల్ల కూసుంటె నా కడుపు నిండిపోయింది! ఆపదొస్తె ఎవలు ఉరుకుతరు? మన పిల్లలే ఉరుకుతరు! నేను కూడ చిన్నప్పుడు పోలీస్ అవుదామనుకున్న. గని ప్రజలు వద్దన్నరు..."

ఆయన తన బాల్యం నుంచి ఇంకా కళాశాల దాకా కూడా రాలేదు, షామియానా వెనక బజ్జీల మూకుడు భగ్గుమంది. వంట చేస్తున్న లక్ష్మీనర్సమ్మ కేక పెట్టి వెనక్కి దూకింది. మంట లేచి పక్కనున్న గుడ్డ తెరను అందుకుంది.

జనం గుడిసె వైపు చూశారు. గుడిసె చెక్కుచెదరలేదు. వెనక మంట చూశారు. ప్రదర్శన మొదలైందనుకుని చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి తన ప్రసంగానికే అనుకుని గొంతు పెంచారు.

ధనశ్రీ వరసలోంచి బయటికి ఉరికింది. "సార్! బజ్జీల పొయ్యి అంటుకున్నది!"

గుడిసెలో కళ్ళు మూసుకుని పడుకున్న ఉమామహేశ్వర్ లేచి కూర్చున్నాడు. వేదిక మీద నుంచి చలపతిరావు గారు పళ్ళ బిగువున "పడుకో, పడుకో! విజిల్ ఇంకా ఊదలేదు!" అన్నట్టు చెయ్యి ఊపారు. ఒక్క క్షణం ఉమామహేశ్వర్ ఆ చేతినీ చూశాడు, మంటనూ చూశాడు. ఈ ఖాకీ ఇవాళ్టితో పోతుందని అతనికి తెలిసిపోయింది. పోతే పోనీ అనుకుని గుడిసెలోంచి పరుగెత్తాడు.

పోలీసు విభాగం పిల్లలు చేతులు కలిపి కట్టిన గొలుసు అడ్డం వచ్చింది.

"జరుగున్రి రా!"

"సార్, పెద్దలు వచ్చే రోడ్డు సార్. విడువొద్దన్నరు."

"మరి ఆ మంట సంగతేంది?"

"షామియానా వెనక మా పరిధి కాదు సార్."

బాగా చదువుకున్న పిల్లలు. ఉమామహేశ్వర్ వంగి ఆ చేతుల కిందనుంచి దూరిపోయాడు. ఎత్తు తక్కువ కావడం జీవితంలో మొదటిసారి కలిసొచ్చింది.

అప్పటికే ధనశ్రీ, "ఆంటీ, గ్యాస్ బంద్ చెయ్యి! నీళ్ళు పొయ్యకు!" అని అరుస్తూ, తడిసిన గోనెపట్టాను ఈడ్చుకొస్తోంది. లక్ష్మీనర్సమ్మ గ్యాస్ సిలిండరు నాబ్ తిప్పేసింది. ఉమామహేశ్వర్ రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పట్టాను మూకుడు మీద కప్పారు. మంట ఊపిరాడక చచ్చింది. ఉమామహేశ్వర్ గుడ్డ తెర తాళ్ళు తెంపి కింద పడేసి, బూట్లతో తొక్కాడు. ధనశ్రీ బురద తీసి దాని మీద చల్లింది. మంట షామియానా పైకప్పు చేరకుండానే ఆరిపోయింది. ఆ పైకప్పు కింద నాలుగువందల మంది కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

లక్ష్మీనర్సమ్మ మోచేయి కమిలింది. ఉమామహేశ్వర్ స్ట్రెచర్ వాళ్ళను కేకేశాడు. వాళ్ళు వచ్చారు, ఆమెను చూశారు, అతన్ని చూశారు. "మా పేషెంటు మీరే కద సార్?" అన్నారు. ఎవరినీ మోయకుండా పోవడం మర్యాద కాదని, అతన్ని పడుకోమన్నారు. చివరికి ధనశ్రీయే ఆమె చేతి మీద నీళ్ళు ధారగా పోస్తూ కూర్చుంది.

"నొస్తుందా ఆంటీ?"

"నా చెయ్యి సంగతి తియ్యి బిడ్డా. బజ్జీలన్నీ ఖరాబైనయి" అంది లక్ష్మీనర్సమ్మ, ఏడుపూ నవ్వూ కలిపి.

చలపతిరావు గారు ఊరికే కరస్పాండెంటు కాలేదు. మైకు లాక్కుని, "చూశారా! గుడిసె అంటిస్తామని చెప్పి, ఎవరూ ఊహించని చోట అంటించి మరీ ఆర్పించాం! దీన్నే ప్రాక్టికల్ విద్య అంటారు!" అన్నారు. షామియానా అదిరిపోయింది. ముఖ్య అతిథి ఆయనకే శాలువా కప్పారు. చంద్రశేఖర్ గారు కళ్ళు తుడుచుకుంటూ, "మా అమ్మాయేనండీ, ఆ బురద పూసుకున్నది మా అమ్మాయే" అని వరసలన్నీ తిరిగి చెప్పారు. ఉమామహేశ్వర్ ఉద్యోగం పోలేదు. ఇంత గొప్ప ఆలోచన కరస్పాండెంటు గారిదేనని ఒప్పుకున్నందుకు చలపతిరావు గారు అతన్ని క్షమించారు కూడా.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు తల్లిదండ్రులు బారులు తీరారు. పిల్లల్ని కోర్సులో చేర్చడానికేననుకుని ఉమామహేశ్వర్ పొంగిపోయి ఎదురెళ్ళాడు. వాళ్ళు చేర్చడానికి రాలేదు.

"అద్భుతమైన కోర్సు మాస్టారూ. దేశానికి ఇలాంటివి ఎంతో అవసరం" అన్నారు అందరికంటే ముందున్న చంద్రశేఖర్ గారు. "మా అమ్మాయిని మాత్రం ఐఐటీ సెక్షన్లోకి మార్చండి. మీరు ఇంత బాగా నేర్పేస్తారని మేం అనుకోలేదు. రేపు నిజంగానే మంటల్లోకి వెళ్తానంటే?"

ఐఐటీ సెక్షన్ అప్పటికి లేదు. క్యూ పొడుగు చూసి చలపతిరావు గారు అక్కడికక్కడే ప్రారంభించారు.

పక్కనే నిలబడ్డ ధనశ్రీ అడిగింది, ఇంటి తెలుగులో. "మనింట్లో మంట లేస్తే ఏం చేస్తావు నాన్నా?"

"ఫైరింజనుకి ఫోన్ చేస్తానమ్మా."

"అందులో ఎవరొస్తారు?"

"వచ్చేవాళ్ళు వస్తారమ్మా. దానికి మనమెందుకు?"

క్యూలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. ధనశ్రీ ఉమామహేశ్వర్ వైపు చూసింది. ఆ వారం నుంచి సాయంత్రం బడి వదిలాక ట్యాంకు పక్కన మళ్ళీ పొయ్యి వెలిగింది. ధనశ్రీ, ఆమె వెంట స్ట్రెచర్ జట్టులోంచి ఇద్దరు. అది ఐఐటీ వాళ్ళ ఫిజిక్స్ ప్రాక్టికల్ అని చెప్తే చంద్రశేఖర్ గారు సంతోషించి, నూనె డబ్బా తనే కొనిచ్చారు.

ఇక కోర్సు ఎత్తేయాలా వద్దా అని పేరెంట్స్ కమిటీ సమావేశమైంది. ఎత్తేయడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. సమాజ రక్షణ గురించి ఒకరిని మించి ఒకరు మాట్లాడారు, ఒకాయన కంటతడి పెట్టారు. కోర్సు కొనసాగాలని, అయితే అందులో ఇతరుల పిల్లలను మాత్రమే చేర్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. చలపతిరావు గారు ఆ మేరకు ప్రకటన ఇచ్చారు.

సీట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మీకు తెలిసిన ఇతరులెవరైనా ఉంటే దయచేసి పంపగలరు.