పుట్టగొడుగుకి అపాయింట్‌మెంట్

క్యూని మించిన మందు లేదు! ఈ ముక్క నవ్వులాటకి అనడం లేదు, గుండె మీద చెయ్యేసుకుని రాస్తున్నాను. అది సైలోసైబిన్ వైద్యం కోసం కట్టిన క్యూ అయితే మరీ మంచిది. అందులో నిలబడ్డవాళ్ళకి జబ్బు గుర్తుండదు, క్యూ ఒక్కటే గుర్తుంటుంది. ఇంతకన్నా ఉపశమనం ఇంకేం కావాలి?

వివరం తెలియని వాళ్ళ కోసం చెబుతాను. చలి మొదలయ్యే ముందు, తడి గడ్డిలో, సన్నటి కాడ మీద గోధుమరంగు టోపీ పెట్టుకుని మొలిచే ఒక పిల్ల పుట్టగొడుగు ఉంది. తిన్నవాడితో చెట్లు మాట్లాడతాయి. నిన్నటిదాకా దాన్ని జేబులో పెట్టుకు తిరిగితే పోలీసులు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు మన చెక్ దేశంలో చట్టం మారింది. దానిలో ఉండే సైలోసైబిన్ అనే మందు మాత్ర రూపంలో ఆసుపత్రికి వచ్చింది. ఏ వైద్యానికీ లొంగని దిగులున్నవాళ్ళకీ, పెద్ద జబ్బు చేసి చావంటే వణికిపోతున్నవాళ్ళకీ డాక్టర్లు దగ్గరుండి ఇవ్వొచ్చట. మెత్తటి సోఫా, కళ్ళకి గంతలు, సన్నటి సంగీతం, చెరో పక్కన ఒక థెరపిస్టు. పుట్టగొడుగుల జాతికి ఇంత మర్యాద ఎన్నడైనా జరిగిందా?

ఒకటి రెండు సిట్టింగులతోనే చాలామందికి ఆ భయం తగ్గుతోందని పరిశోధకులు చెబుతున్నారు. అంత కొత్త సంగతేం కాదు. మన తాతల రోజుల్లోనే ఈ దేశపు డాక్టర్లు ఇలాంటి మందులతో మనసు జబ్బులకి వైద్యం చేసి చూశారు. తర్వాత పైవాళ్ళకి గాభరా పుట్టి, కాగితాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎంత ముందుచూపు! లేకపోతే ఈపాటికి రెండు తరాల జనం అనవసరంగా నయమైపోయి ఉండేవాళ్ళు.

ఇప్పుడు తాళం తీశారు కదా అని జనం ఎగబడటం నాకు నచ్చదు. తొందరపాటు వల్ల ఎన్ని అనర్థాలో మా ఊళ్ళోనే చూస్తున్నాను. మా పక్క వాటా ఆయన బాల్కనీలో గంజాయి మొక్క పెంచుకుంటున్నాడు. చట్టం ఒప్పుకుంది. ఆయన దానికి నీళ్ళు పోస్తూ లాలిపాటలు పాడతాడు, ఎదురింటి పోలీసాయన ఆకులు భలే ఏపుగా ఉన్నాయని మెచ్చుకుంటాడు. ఏ కమిటీ చూసింది? ఎవరు ఇంటర్వ్యూ చేశారు?

పబ్బు సంగతి మరీ అన్యాయం. పొద్దున్నే వెళ్ళి స్లివోవిత్సా అనే పళ్ళ సారా ఒక గ్లాసు అడిగితే, మీ బాల్యం ఎలా గడిచింది, మీ నాన్నతో మీకు పడేదా అని ఎవ్వరూ అడగరు. పోసేస్తారు! కళ్ళకి గంతల్లేవు, సంగీతం లేదు, పక్కన థెరపిస్టు లేడు. ఉన్నదల్లా మరో తాగుబోతు. ఇంత విచ్చలవిడితనం మధ్య మన పుట్టగొడుగు వైద్యం ఒక్కటే పద్ధతిగా నడుస్తోంది.

ఆ పద్ధతి ఎంత గొప్పదో మా అక్క వ్లాస్తా విషయంలో కళ్ళారా చూశాను.

మా అక్క మునిసిపాలిటీ ఈతకొలనులో ఈత నేర్పేది. మా ఊళ్ళో నలభై దాటినవాళ్ళందరినీ ఏదో ఒక రోజు ఆవిడ మెడపట్టి నీళ్ళలోకి తోసింది. బావ ఓతా పోయినప్పుడు కూడా కళ్ళు తుడుచుకుని సాయంత్రం బ్యాచ్‌కి వెళ్ళింది. అలాంటి మనిషికి నిరుడు కడుపులో క్యాన్సర్ బయటపడింది. ఇప్పుడు కాలేయం దాకా పాకింది. ఇక కోసేదేమీ లేదన్నారు.

నొప్పికి మందులున్నాయి. ఆవిణ్ణి తినేస్తున్నది భయం. గదిలో ఒంటరిగా ఉండలేదు. స్నానానికి వెళితే తలుపు తీసిపెట్టి, బయట నన్ను కుర్చీ వేసుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమంటుంది. నేను నిన్నటి ఫుట్‌బాల్ స్కోర్లు చదువుతాను. మామూలు డాక్టరు నిద్రమాత్రలు సంచీ నిండా ఇచ్చాడు, ఒక్క ప్రశ్న అడగలేదు. అవి వేసుకుంటే భయం అలాగే ఉంటుంది, మాట మాత్రం ముద్దగా వస్తుంది. అక్క కోరింది ఒక్కటే. మిగిలిన ఆ కాస్త కాలం భయపడకుండా బతకాలని.

అదృష్టం చూడండి, సరిగ్గా ఇలాంటి వాళ్ళ కోసమే చట్టం మారింది! జిల్లా క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఎవరి ఫైలు కమిటీకి పంపాలో తేల్చేది డాక్టర్ హ్రూబెష్. నిదానస్తుడు, మెత్తని గొంతు, తల పక్కకి వంచి వినే మనిషి. అక్క అన్నిటికీ జవాబు చెప్పింది. పెళ్ళి గురించి, పోయిన గర్భం గురించి, తెల్లవారుజామున వచ్చే ఆలోచనల గురించి చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడైనా ఈ పదార్థం తీసుకున్నారా అని అడిగితే అదీ దాచలేదు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి, అడవిలో వాగు పక్కన బావా తనూ తిన్నారట. బావ ఒక స్ప్రూస్ చెట్టుకి చాలాసేపు క్షమాపణ చెప్పుకున్నాడట. ఎందుకో ఆయనకే తెలియదట.

డాక్టరు నవ్వాడు, రాసుకున్నాడు. తర్వాత ఆ చోటు ఎక్కడ అని అడిగాడు. మునుపు వాడినవాళ్ళయితే ఎక్కడిది వాడారో నమోదు కావాలట.

అక్క నోరు మూసేసింది.

ఇది చదివి ఆశ్చర్యపోయేవాడు ఈ దేశంలో పుట్టినవాడు కాదు. మనవాడు జీతం ఎంతో చెబుతాడు, విడాకులెందుకయ్యాయో చెబుతాడు, ట్రాములో పక్కవాడికి తన మొలల సంగతి చెబుతాడు. పుట్టగొడుగులు దొరికే చోటు మాత్రం చెప్పడు. చర్చిలో పాపాలన్నీ ఒప్పుకున్నవాడు కూడా అది మినహాయించే ఒప్పుకుంటాడు. వాగు పక్కనున్న ఆ చోటు పైపెచ్చు మామూలుది కాదు. ఆ స్ప్రూస్ చెట్ల కింద లావు కాడల హ్రీబులనే కూర పుట్టగొడుగులు మొలుస్తాయి. వేయించి, గుడ్డు కొట్టి తింటే ఆ పూటకి ఇంకేమీ అక్కర్లేదు. ఆ చోటు మా నాన్న పోయేముందు అక్కకి చెప్పాడు. నాకు చెప్పలేదు. నాకు చెబితే పేపర్లో రాసేస్తానని ఆయన అనుమానం.

"చోటు చెప్పేస్తే ఫైలు ముందుకెళుతుందండీ" అన్నాడు డాక్టరు.

"నా పొట్ట కోసి లోపలంతా చూశారు మీవాళ్ళు. ఇంకా ఏం చూడాలి నాయనా" అంది అక్క.

ఫైలు ఆగిపోయింది. రోగి సమాచారం దాస్తోందని పైన రాశారు. ఎంత చక్కటి ప్రశ్న ఎంచుకున్నారో గమనించారా? చావుకి భయపడేవాణ్ణి ఏదడిగినా చెప్పేస్తాడు. అందుకని చెక్ వాడు చచ్చినా చెప్పనిది ఒక్కటి వెతికి పట్టుకున్నారు. దీని వెనక ఎంత మేధస్సు పనిచేసి ఉండాలి!

తర్వాతి వారాల్లో నేను క్లినిక్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఫోన్ ఎత్తేదాకా ఒక సంగీతం వినిపిస్తుంది. వాగులో నీళ్ళు, పిల్లనగ్రోవి, ఎక్కడో గంటలు. వైద్యంలో వినిపించే సంగీతమూ అదేనట. అది విని విని నాకు సగం మనశ్శాంతి వచ్చేసింది. ఖర్చు లేదు, కమిటీ లేదు. ఈ సౌకర్యం ఊరందరికీ కల్పిస్తే పిచ్చాసుపత్రులు మూసెయ్యొచ్చు.

అక్కకి మాత్రం ఆ మనశ్శాంతి రాలేదు. రాత్రిళ్ళు పడక మీద పడుకోవడం మానేసింది. పడుకుంటే లేవనేమోనని వంటింట్లో కూర్చుంటుంది. ఒకరోజు పొద్దున్న వెళ్ళేసరికి బల్ల అంచు పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. కారు తియ్యమంది.

డాక్టరు గదిలోకి ఇద్దరం వెళ్ళాం. అక్క నావైపు తిరిగి, "ఒరేయ్ బోహుష్, నువ్వు కాసేపు బయటికెళ్ళరా" అంది. వెళ్ళాను. తలుపు వేశారు. లోపల ఆవిడ ఏం చెప్పిందో, డాక్టరు ఎలా విన్నాడో నాకు తెలియదు. తల పక్కకి వంచే విని ఉంటాడు.

వస్తూ దారిలో, ఊరు దగ్గరపడ్డాక అక్క చెప్పింది, "వాడికి చెప్పాక నీకు చెప్పకపోవడం ఏం న్యాయంరా. విను" అని. పాత రంపపు మిల్లు దాటి, ఎటు తిరగాలో, ఏ రాయి దగ్గర దిగాలో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. మా నాన్న పోయిన రోజున కూడా ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

ఆ ఆదివారం ఉదయం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని అడక్కండి. వాగు చప్పుడు వినపడేచోట స్ప్రూస్ కొమ్మలు పక్కకి తోసి చూశాను. రబ్బరు బూట్లేసుకుని, మోకాళ్ళ మీద వంగి, డాక్టర్ హ్రూబెష్ కనిపించాడు. పక్కన పెద్ద బుట్ట.

నేను కోప్పడలేదు పాఠకులారా. ఆయన కూడా చెక్ వాడే! అలాంటి చోటు చెవిన పడ్డాక ఆదివారం ఇంట్లో కూర్చునే మనిషి ఈ దేశంలో ఉంటాడా? అడవిలో ఇద్దరు ఎదురుపడితే ఏం చెయ్యాలో అదే చేశాం. నమస్కారం చెప్పుకున్నాం, ఒకరి బుట్టలోకి ఒకరం తొంగిచూశాం. నా బుట్ట ఖాళీ. ఆయన బుట్ట నిండా హ్రీబులు, అన్నీ గట్టివే, ఒక్కదానికీ పురుగు లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మా అక్క సంగతి ఏమైందని అడిగాను. కమిటీ ఒప్పుకుందని చెప్పాడు, సంతోషంగానే చెప్పాడు. అనుమతి ఉన్న గది మాత్రం జిల్లా మొత్తానికి ఒక్కటేనట. ఆ గది సోఫా గుడ్డ అగ్నిమాపక నిబంధనలకి సరిపోలేదట. కొత్త సోఫా వచ్చి, దాన్ని తనిఖీ చేసి, ముందున్నవాళ్ళ వంతు అయ్యేసరికి వసంతం వస్తుందట. వసంతంలో తప్పకుండా అన్నాడు. అక్క దగ్గర అన్ని నెలలు లేవని ఆమె రిపోర్టులు చూసిన ఆయనకి వేరే చెప్పాలా?

అప్పుడు చూశాను. వాగు ఒడ్డున తడి గడ్డిలో, మా ఇద్దరి బూట్ల మధ్య, సన్నటి కాడల మీద గోధుమరంగు టోపీలు. గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"ఇవేనా డాక్టరు గారూ?" అని అడిగాను.

ఆయన వంగి చాలాసేపు చూశాడు. ఆయనకి తెలుసు. తెలిసినవాడి చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తర్వాత నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"గది బయట నేనేం చెప్పకూడదండీ" అన్నాడు. బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. అదే గడ్డిలో, అదే ఎత్తున, అదే రంగు టోపీతో కాలేయాన్ని కరిగించేసే రకం కూడా మొలుస్తుంది. ఏది ఏదో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా హ్రీబులు, వెక్కిరింపులు. చెయ్యి చాచాను, వెనక్కి తీసుకున్నాను. భయం పోగొట్టబోయి మా అక్కని నా చేతులతో చంపుతానేమోనని లేచి నిలబడ్డాను. ఖాళీ బుట్టతో తిరిగొచ్చాను.

కాబట్టి నియమాలు అక్కర్లేదని నా చేత ఎవరూ అనిపించలేరు. డాక్టరు కావాలి, గది కావాలి, చెరో పక్కన థెరపిస్టు కావాలి. వీటి అవసరం ఆ వాగు ఒడ్డున నాకు తెలిసినంతగా ఏ కమిటీకీ తెలియదు. ఇన్నీ పెట్టుకుని, ఇచ్చే మందు చేతిలో ఉంచుకుని, సోఫా గుడ్డ కోసం మనిషిని చలికాలమంతా వణికించడం ఉందే, ఆ కళ మాత్రం మనకే తెలుసు.

ఇంటికొచ్చి అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పాను. డాక్టరు బుట్ట సంగతి వినగానే మొహం చిట్లించింది. కాడ కోశాడా, వేళ్ళతో మెలిపెట్టి పీకాడా అని అడిగింది. కోశాడన్నాను. పీకితే కదా మళ్ళీ బాగా వచ్చేది, చదువుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా అని విసుక్కుంది. చాలా రోజుల తర్వాత ఆవిడ విసుక్కోవడం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

తర్వాత వసంతం అంటే ఏ నెల రా అని అడిగింది. చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, మధ్యలో ఆపేసింది. నా చెయ్యి పట్టుకుంది.

డాక్టరు గారూ, మీరు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. హ్రీబులు మీరే తినండి. ఆ చోటు కూడా మీరే ఉంచుకోండి, మేం ఇక అటు రాం. కొత్త సోఫా వచ్చేదాకా మా ఇంట్లోది పంపిస్తాను, దాని గుడ్డ కాలినా నేను పూచీ. ఆ తారీఖు ఒక్కటి ముందుకి జరపండి. మా అక్కకి భయంగా ఉంది.