నల్లుల వీడియో

ఆయన చుక్క ముట్టని మనిషి. అయినా వీధి వీధంతా మందాయన అనే పిలిచేది. ఇళ్ళకు వెళ్ళి నల్లులకూ బొద్దింకలకూ మందు కొట్టడం ఆయన వృత్తి. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "మందు కొడుతుంటానండీ" అని గర్వంగా చెప్పడం, అడిగినవాళ్ళు ఒకడుగు వెనక్కి వెయ్యడం, పక్కనున్న భార్య తల పట్టుకోవడం మామూలే.

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నల్లుల్ని ఎలా వదిలించుకోవాలో చెబుతూ ఒక వీడియో తీసి పెట్టాలి, చూసినవాళ్ళలో నలుగురైనా పనికి పిలవాలి. భార్య ఫోను పట్టుకుంది. ఆయన మంచం పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయనకో అలవాటుంది. నల్లుల్ని 'అవి' అనడు, 'వాళ్ళు' అంటాడు. అన్నం పెట్టేవాళ్ళ గురించి తేలిగ్గా మాట్లాడకూడదని ఆయన అభిప్రాయం.

"నల్లుల సంగతి చెప్తాను వినండి," అని మొదలుపెట్టాడు. "వీళ్ళు మన మధ్యే ఉంటారు. పగలు ఏమీ ఎరగనట్టు దాక్కుంటారు. సందు దొరికితే మన రక్తం తాగుతారు. ఒక్కరిని వదిలినా మళ్ళీ వందమంది అవుతారు. అందుకే అందరం కలిసి ఒకేరోజు ఇల్లిల్లూ గాలించాలి. దొరికినవాళ్ళని దొరికినట్టు ఆవిరి పట్టించి చంపెయ్యాలి."

సాయంత్రానికి నలభై మంది చూశారు. అందులో సగం చుట్టాలు.

అసలే ఎన్నికల రోజులు. ఎవరో తెలియని మహానుభావుడు ఆ వీడియోలో మొదటి వాక్యమూ చివరి వాక్యమూ కత్తిరించి, మధ్య ముక్కకు 'ఒక సామాన్యుడి కడుపుమంట' అని పేరు పెట్టి వదిలాడు. అధికార పార్టీ వాళ్ళను ఎంత బాగా కడిగేశాడోనని ప్రతిపక్షం అభిమానులు మురిసిపోయారు. మర్నాటికి లక్షల మంది చూశారు. అప్పుడు వీడియోల కంపెనీ నిద్ర లేచింది. హత్యలకు ప్రేరేపిస్తున్నాడని అసలు వీడియోను తీసేసింది. చంపే మాట లేని ముక్క మాత్రం నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. అంటే, నల్లులున్నది పోయింది, నల్లులు లేనిది మిగిలింది.

దాంతో అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. నిజం చెప్పినవాడి నోరు నొక్కేశారని గోల మొదలైంది. మందాయన హడలిపోయి, బాబూ నేను చెప్పింది మంచాల్లో ఉండే నల్లుల గురించి అని ఇంకో వీడియో పెట్టాడు. దాన్ని మళ్ళీ ఆ నలభై మందే చూశారు. పాపం ఎవరో బెదిరించి చెప్పించారు, ఆ కళ్ళలో భయం చూడండి అని కింద ఒకరు రాశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పొగడ్త కూడా ఒక మందే, దానికి ఆయనకు అలవాటు లేదు. బొద్దింకల మీద పెట్టిన వీడియోను ఎవరూ కన్నెత్తి చూడలేదు. చిరాకులో వీధి గుంతల గురించి మాట్లాడుతూ అధికార పార్టీని ఒక మాట అన్నాడు. అది రివ్వున ఎగిరింది. మరోరోజు ఒక మెట్టు పెంచి తిట్టాడు, ఇంకా ఎగిరింది. ఆయన తిట్టినకొద్దీ, అంతకన్నా గట్టిగా తిట్టేవాళ్ళను ఫోను వెతికి తెచ్చి ఆయనకు చూపించింది. వాళ్ళను చూసి ఆయన మరో మెట్టు ఎక్కాడు. మందు డబ్బా మూలన పడింది. అన్నం ముందు కూర్చుని కూడా, ఆ పార్టీలో ఉన్నవి మనుషులు కావు, వాటిని ఊరికే వదలకూడదు అనడం మొదలుపెట్టాడు.

భార్య గరిటె కింద పెట్టింది.

"నల్లుల్ని వాళ్ళు అనేవారు. ఇప్పుడు మనుషుల్ని అవి అంటున్నారు. మీకేమైందండీ?"

ఆయన చెయ్యి కడుక్కుని, ఇంకో వీడియో తియ్యడానికి ఫోను అందుకున్నాడు.

ఆమె మాట విలువ ఆ శుక్రవారం తెలిసొచ్చింది. ఆయన తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. అధికార పార్టీలో వార్డు కార్యకర్త కూడా. మందాయన ఆఖరి వీడియో కింద ఈ తోడల్లుడు ఎంతో మర్యాదగా 'అన్నయ్యా, నేనూ ఆ పార్టీవాణ్ణే కదా' అని రాశాడు. అభిమానులకు అంత చాలు. తోడల్లుడి షాపు ఫోటో సంపాదించి, 'ఆదివారం పొద్దున ఇక్కడినుంచే మొదలు, ఇల్లిల్లూ గాలిద్దాం' అని పోస్టరు వేశారు. యాభై వేల మంది వస్తున్నామన్నారు.

మందాయన ఆ పోస్టరు తీసెయ్యమని కంపెనీకి ఫిర్యాదు చేశాడు. భార్య చేసింది, మరదలు చేసింది. మా నిబంధనలకు విరుద్ధంగా ఇందులో ఏమీ లేదు, మీ సహకారానికి ధన్యవాదాలు అని ముగ్గురికీ ఒకే జవాబు వచ్చింది. ఎవరూ రావద్దని ఆయన చేతులు జోడించి వీడియో పెడితే, వద్దంటున్నాడంటే తప్పకుండా రమ్మనే అర్థం అని అభిమానులు వివరించారు. పోలీసులకు ఫోన్ చేస్తే ఎవరినైనా పంపిస్తామన్నారు.

ఆదివారం పొద్దున ఆయన షాపు ముందు నిలబడ్డాడు. ఇంట్లో ఉండమన్నా వినకుండా భార్య పక్కనే నిలబడింది. తోడల్లుడు షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు. కాసేపటికి ఒక మనిషి వచ్చి షాపు ముందు ఒక కాలు పొట్టిదై ఊగే బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత ఇంకొకరు. అలా నలుగురయ్యారు. ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారే తప్ప పెదవి విప్పడం లేదు. కొట్టడానికి వచ్చినవాడెవడో, కాపాడటానికి వచ్చిన పార్టీ మనిషెవడో, మఫ్టీలో వచ్చిన కానిస్టేబులెవడో మొహం చూసి చెప్పడం ఆ బ్రహ్మతరం కూడా కాదు.

అంతలో వీధి మలుపు తిరిగి ఒక భారీ మనిషి వచ్చాడు. చేతిలో ఇనప కడ్డీ. నేరుగా షట్టరు దగ్గరికి నడిచాడు. మందాయన రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"కొడితే నన్ను కొట్టండి. ఆ మాటలన్నీ నావి. నల్లుల గురించి అన్నవి నిజం, మనుషుల గురించి అన్నవి పొగరు. లోపలున్నవాడు నా తోడల్లుడు. నా పెళ్ళాం పురిటికి రక్తమిచ్చినవాడు. వాణ్ణి ముట్టుకోవాలంటే నన్ను దాటి వెళ్ళాలి."

భారీ మనిషి ఆయన్ను, ఆయన భార్యను, బెంచీ మీద నలుగురిని మార్చి మార్చి చూశాడు.

"మీ గొడవేంటో నాకు తెలీదండీ. ఇది మా ఆవిడ కుట్టుమిషను పెడలు కడ్డీ, వంగిపోయింది. ఇవాళ షాపు ఉందా, లేదా?"

షట్టరు కిర్రుమంటూ పైకి లేచింది. తోడల్లుడు బయటికి వచ్చి కడ్డీ అందుకున్నాడు. వంకర ఎక్కడుందో ఇట్టే పట్టేశాడు. మందాయన భార్య నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి, ఎన్నాళ్ళకో గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం దాకా చూశారు. ఇంకెవరూ రాలేదు. మిగతా యాభై వేల మందీ ఇళ్ళలోనే కూర్చుని, అక్కడ ఏమైంది, వీడియో పెట్టండి అని ఒకరినొకరు అడుక్కుంటున్నారు. మందాయన ఆ ఖాతాను శాశ్వతంగా మూసేసి, ఫోను భార్య చేతిలో పెట్టాడు. తోడల్లుడు అందరికీ టీ తెప్పించాడు. బెంచీ మీది నలుగురూ తాగారు.

లేచి వెళ్ళేముందు వాళ్ళలో ఒకాయన, తలవంచుకుని, రుమాల్లో చుట్టి తెచ్చుకున్న రాయిని నెమ్మదిగా బెంచీ కాలికింద పెట్టి వెళ్ళిపోయాడు. అది ఎందుకు తెచ్చావని ఎవరూ అడగలేదు. బెంచీ మాత్రం ఊగడం మానేసింది.