పొరుగువాళ్ళను రప్పించే డబ్బా

ఇంట్లో మనిషి లేకపోయినా గడుస్తుంది. సబ్‌వూఫర్ లేకపోతే గడవదు!

నవ్వకండి. నేను నవ్వులాటకు రాసేవాణ్ణి కాను. మా ఆవిడ వెర్నా పోయాక కొన్ని చలికాలాలు ఒంటరిగా గడిపాను. ఈ చలికాలం డబ్బాతో గడిపాను. రెండింటినీ తూకం వేసి చెబుతున్న మాట ఇది.

సబ్‌వూఫర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక్క ముక్క. కంప్యూటర్‌కి స్పీకర్లు కొంటే, బల్లమీద పెట్టుకునే చిన్నవి రెండు ఇస్తారు. బల్లకింద పెట్టుకునే పెద్ద చెక్కడబ్బా ఒకటి ఇస్తారు. ఆ పెద్దదే సబ్‌వూఫర్. పైన కూచున్న రెండూ కబుర్లు చెబుతాయి. నేలమీద కూచున్నది పని చేస్తుంది. ఏ ఆఫీసులో మాత్రం ఇంతకంటే భిన్నంగా ఉంది?

దాని శబ్దాన్ని చెవులతో వినరు. అరికాళ్ళతో వింటారు. మీ అరికాళ్ళతో మీరు, నడినెత్తితో కింది వాటా వాళ్ళు. ఒక్కరు కొంటే ఇద్దరు వినే వస్తువు ఈ రోజుల్లో ఇంకేముంది చెప్పండి?

నాకెందుకు కావలసి వచ్చిందో దాచను. వెర్నా ఉన్నంతకాలం మా ఇంట్లో రోజూ వినబడే మాట ఒకటే: తగ్గించు. రేడియో తగ్గించు, గురక తగ్గించు, రొట్టెమీద వెన్న తగ్గించు, గోర్డన్ మీద కోపం తగ్గించు. ఆవిడ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు. అంత్యక్రియల వారం బిల్డింగంతా పళ్ళేలు మోసుకొచ్చింది. అన్నీ ఒకే గిన్నెలో కలిపి పొయ్యిలో కాల్చేదాన్ని ఇక్కడ హాట్‌డిష్ అంటారు. బంగాళాదుంపల హాట్‌డిష్, నూడుల్స్ హాట్‌డిష్, ఏం వేశారో వండినవాళ్ళకే తెలియని హాట్‌డిష్. అందరూ గుమ్మంలో నిలబడి, "ఏదైనా కావాలంటే మొహమాటపడకండి" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మెట్లు దిగిపోయారు.

అంతే. మళ్ళీ ఒక్కరూ ఎక్కి రాలేదు. మెట్లమీద ఎదురైతే గొంతు తగ్గిస్తారు, గోడకు అంటుకుని దారి ఇస్తారు. నేనేదో పగిలే గాజుసామానైనట్టు. ఇందాక చెప్పిన ఆ గోర్డన్ మా బిల్డింగు సంఘానికి పెద్ద. మంచు ముమ్మరంగా పడే వారం చూసి, అతని పార్కింగు చోట్లో నా కారు పెట్టాను. ఏమీ అనలేదు. పారతో నా కారుమీది మంచు ఎత్తిపోసి, తన కారు వీధి చివర పెట్టుకుని నడిచి వచ్చాడు. ఇటువంటివాళ్ళతో ఎలా వేగాలి?

మా పల్లెటూరి ఒంటిగది బడిలో టీచరుకు కోపమొస్తే, నోరు మూసుకో అనేది. నోరు మూసుకునేవాళ్ళం. ఆవిడకూ తృప్తి, మాకూ తృప్తి. సరస్సు ఒడ్డునున్న ఈ డులూత్ పట్నంలో ఆ సుఖం లేదు. ఇక్కడ మనిషిని తిట్టే తిట్లలో అన్నిటికంటే ఘోరమైనది, "అదో రకంగా ఉందండీ" అనడం. మీరు ఇంటికి నిప్పంటించుకున్నా, "మీ కిటికీలో వెలుతురు అదో రకంగా ఉందండీ" అని వెళ్ళిపోతారు.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. ఈ బిల్డింగులో ఎవరో ఒకరు నా మెట్లెక్కి, నా తలుపు కొట్టి, నా మొహం మీద "తగ్గించు" అనాలి. దానికి తగిన పరికరం కొనాలి.

కొనడం తేలికనుకున్నారా? ఇంటర్నెట్‌లో వాడినవాళ్ళ అభిప్రాయాలు చదివి చూడండి. ఒకాయన రాశాడు: "గోడకున్న గడియారం ఊడి పడింది. అయిదు నక్షత్రాలు." ఇంకొకాయన: "మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. శబ్దం చాలా స్పష్టంగా ఉంది. అయిదు నక్షత్రాలు." ఇలాంటివి చదివి చదివి కళ్ళు కాయలు కాశాక, ఒకచోట ఒకే ఒక్క నక్షత్రం కనబడింది. దానికింద ఇలా ఉంది: "కొనకండి. పొరుగువాళ్ళు వచ్చి గొడవ చేస్తున్నారు."

ఇంకేం కావాలి? ఆ పేరు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్ళాను.

మామూలు జనం డబ్బామీద వాట్ల అంకె చూసి కొంటారు. నేను అంకె చూడలేదు. డబ్బా ఎత్తి చూశాను. నడుం పట్టేసింది. ఇదే, అన్నాను. ఏం వింటారని అమ్మే ఆయన అడిగాడు. టూబా అన్నాను. కొండచిలువలా ఒంటికి చుట్టుకుని ఊదే ఇత్తడి బూర ఉంటుందే, అది. టూబా ఒక్కటేనా అన్నాడు. ఒక్కటి చాలదా అన్నాను.

డబ్బు కట్టబోతుంటే ఆయన ఒక శాస్త్రం చెప్పాడు. శబ్దం ఎంత మంద్రమైతే అది ఎటునుంచి వస్తోందో చెవికి అంత తెలియదట. కాబట్టి డబ్బాను గదిలో ఏ మూల పెట్టినా ఒకటేనట. ఆ మాట విన్నాక కూడా కొన్నాను చూడండి, అదీ నా తెలివి.

మూలన పెడితే నాకేం లాభం? హాలు మధ్యలో పెట్టాను. సరిగ్గా దానికింద, కింది వాటాలో, మార్డెల్ ఓయా అనే ఆవిడ భోజనాల బల్ల ఉంటుంది. మార్డెల్ జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లో తన్నుకునేవాళ్ళను అద్దంలో ఒక్క చూపు చూసి కూచోబెట్టిన మనిషి. ఆవిడ ఊరుకోదు, వచ్చి తీరుతుంది. నవంబరులో ఒకనాటి పొద్దున్న టూబా పెట్టి, ఇద్దరికి సరిపడా కాఫీ కాచి, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాను.

కాఫీ రెండు కప్పులూ నేనే తాగాను.

మర్నాడు మెట్లమీద ఎదురైంది. "నిన్న చలి మరీ ఎక్కువైంది కదండీ హాల్వర్ గారూ. మా అలమరలో పింగాణీ కూడా వణికింది" అంది. చలికట! పింగాణీకి!

ఆవేళ మీట ఇంకాస్త పెంచాను.

తర్వాత సంగతులు మీరు నమ్మరు. మా బిల్డింగు పైకప్పుమీద మంచు నిలవడం మానేసింది. పడింది పడినట్టే జారి కింద కుప్పపడుతోంది. పార పట్టే పని తప్పిందని మూడో వాటా పళ్ళడాక్టరు సంబరపడ్డాడు. రాత్రి గ్లాసులో పెట్టిన ఆయన కట్టుడుపళ్ళు పొద్దున్నే వాటంతట అవే శుభ్రమై ఉంటున్నాయట. మార్డెల్ బల్లమీద ఉప్పుసీసా మెల్లగా నడుచుకుంటూ మిరియాలసీసా దగ్గరికి చేరుతోందట. ఈ బిల్డింగులో ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళింది ఆ రెండు సీసాలే.

ఇన్ని ఉపకారాలు చేసే వస్తువు ఇంకొకటి ఉందా? అయినా నా తలుపు ఎవరూ కొట్టలేదు.

జనవరిలో సంఘం మీటింగు. బేస్‌మెంట్లో, బాయిలర్ పక్కన, మడత కుర్చీల్లో. గోర్డన్ గొంతు సవరించుకుని, బిల్డింగులో ఏదో అదురు ఉన్నట్టు కొందరి దృష్టికి వచ్చిందన్నాడు. లేచి నిలబడటానికి సిద్ధమయ్యాను.

"బాయిలర్‌కి వయసొచ్చింది" అన్నాడు గోర్డన్.

అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ తలలూపారు. పాత బాయిలర్లు అంతే అన్నాడు పళ్ళడాక్టరు. నేను చెయ్యెత్తాను. ఆ అదురులో పోల్కా డాన్సు పాట వరస ఏమైనా వినిపిస్తోందా అని అడిగాను. గొట్టాల్లో గాలి చేరితే అలాగే ఉంటుందండీ అన్నాడు గోర్డన్, నా మొహం చూడకుండా. చూశారా షాపువాడి శాస్త్రం పనిచేసిన తీరు? శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు. మర్యాదస్తులకు అసలే తెలియదు.

బాయిలర్ బాగుచేయించాలని తీర్మానం చేశారు. వ్యతిరేకించింది నేనొక్కణ్ణే. మెకానిక్ వచ్చాడు. బాయిలర్‌కి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఇది నిక్షేపంలా ఉందన్నాడు. పైన ఎవరో బూర ఊదుతున్నారని కూడా అన్నాడు. అతనికి మర్యాద తెలియదని గోర్డన్ ఇంకో మెకానిక్‌ని పిలిపించాడు.

ఇద్దరితోనూ కాకపోయేసరికి నెపం ఇనుపరాయి మోసే రైళ్ళమీద వేశారు. రైళ్ళు ఆగిన రోజు సరస్సుమీద వేశారు. గడ్డకట్టిన సరస్సు కింద నీళ్ళు కదులుతాయి కదా అని. పోల్కా పాడే సరస్సు! అంతంత చదువులు చదివినవాళ్ళు, ఒక ముసలాణ్ణి ఒక్కమాట అనడం ఇష్టంలేక, భూగోళాన్నే మార్చేశారు.

మార్చిలో తలుపు చప్పుడైంది.

మార్డెల్. చేతిలో నిమ్మకేకు ముక్కల పళ్ళెం. లోపలికి వచ్చింది, కూచుంది. నేను టూబా ఆపలేదు, మరి ఆవిడ అందుకే కదా వచ్చింది. ఆవిడ కప్పు సాసర్లో గిరగిరా తిరుగుతోంది. ఒక చేత్తో కప్పు పట్టుకుని, సరస్సుమీద మంచు ఎప్పుడు విరుగుతుందో చెప్పింది. చేపలు ఎలా పడుతున్నాయో చెప్పింది. లేచింది. గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటూ మళ్ళీ మంచు సంగతి చెప్పింది. తలుపు పిడి పట్టుకుని మళ్ళీ చేపల సంగతి చెప్పింది. ఇక్కడివాళ్ళు అసలు మాట చెప్పేది పిడి పట్టుకున్నాకే.

"అది ఎక్కడ కొన్నారండీ?" అంది. "నాకూ ఒకటి కావాలి. చర్చి ఆర్గన్ వినడానికి."

యుద్ధానికి కాలు దువ్వితే శత్రువు వచ్చి ఫిరంగి ఎక్కడ దొరుకుతుందని అడిగింది!

ఏం చేస్తాను? షాపుకు తీసుకెళ్ళాను. అదే డబ్బా కొనిపించాను. కింద ఆవిడ హాల్లోకి ఈడ్చి పెట్టాక, దీన్ని పెట్టడానికి సరైన పద్ధతి ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది. తెలిసినవాళ్ళందరూ చేసేదే. డబ్బాను ముందు మనం కూచునే కుర్చీలో కూచోబెట్టి మోగించాలి. మనం నాలుగు కాళ్ళ మీద, చెవి నేలకు దగ్గరగా పెట్టి, గదంతా పాకాలి. శబ్దం ఎక్కడ నిండుగా వినబడితే అక్కడ గుర్తు పెట్టుకుని, డబ్బాను దించి అక్కడ పెట్టాలి. డబ్బా కుర్చీలో, మనిషి నేలమీద. ఏది ఎవరికోసం ఉందో అప్పుడు అర్థమవుతుంది.

"ఇది చర్చిలో ఎవరికీ చెప్పకండి" అని ఆవిడ మోకాళ్ళమీదికి దిగింది. ఆవిడ కుడిచెవి సరిగా పనిచేయదు. నా ఎడమచెవీ అంతే. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపడా చెవులు. అందుకని ఆవిడ కిటికీ వైపునుంచి పాకింది, నేను వంటగది వైపునుంచి. కుర్చీలో సింహాసనంమీద రాజులాగా డబ్బా, దాంట్లోంచి ఆర్గన్. భోజనాల బల్లకింద ఎదురుపడ్డాం. నా ముక్కుకూ ఆవిడ ముక్కుకూ మధ్య జానెడు చోటు.

ఒక విషయం గమనించాను, రాసుకోండి. నిలబడ్డ మనిషికి మర్యాద ఉంటుంది. కూచున్నవాడికీ ఉంటుంది. నాలుగు కాళ్ళ మీదున్న మనిషికి దాన్ని పట్టుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు.

మార్డెల్ నన్ను చూసింది. బస్సు అద్దంలో చూసే చూపు.

"హాల్వర్, నవంబరునుంచి నా నెత్తిమీద ఏనుగు తిరుగుతోంది. అది బాయిలర్ కాదని నాకు తెలుసు. గోర్డన్‌కి తెలుసు. బాయిలర్‌కి కూడా తెలుసు. తగ్గించు."

‘మీరు’ పోయింది, ‘గారు’ పోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పెళ్ళాం పోయినవాడివి" అంది. "నిన్నేం అంటాం? అనకూడదని అందరం అనుకున్నాం."

అందరూ అనుకున్నారట. ఎక్కడ అనుకున్నారు, ఎప్పుడు అనుకున్నారు? నన్ను వదిలేయడానికి మాత్రం ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్ళగలిగారన్నమాట. దాన్ని వాళ్ళు జాలి అనుకున్నారు. నేను దాన్ని క్షమించలేదు. ఇప్పుడూ క్షమించను. కానీ బల్లకింద అది చెప్పే వీల్లేదు, మోకాళ్ళు పట్టేశాయి. సరే అన్నాను. ఆవిడే చెయ్యిచ్చి బయటికి లాగింది. లాగుతూ, బొత్తిగా బుద్ధిలేదని కూడా అంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పైకి వచ్చాను. టూబా ఇంకా మోగుతోంది. మీట మీద చెయ్యి వేశాను.

కాబట్టి పాఠకులారా, ఎవరి మాటా వినకుండా సబ్‌వూఫర్ కొనండి. మీ ఊళ్ళో తలుపు కొట్టి తిట్టేవాళ్ళు ఉంటే మాత్రం కొనకండి, మీకు అవసరం లేదు. నేను కూడా తగ్గిద్దామనే మీట పట్టుకున్నాను. తగ్గిస్తే రేపు ఆవిడ ఏమని వస్తుంది?

కాస్త పెంచాను.

వెంటనే కిందినుంచి చీపురుకర్ర పోట్లు మొదలయ్యాయి. చెవి పెట్టి విన్నాను. తాళం ఘోరంగా తప్పుతోంది. ఇలాంటివి అదో రకంగా ఉందని వదిలేయకూడదు, మనిషి మొహంమీద చెప్పాలి. చెప్పులు వేసుకుని కిందికి బయల్దేరాను.