క్యాంపరు కొనకండి, ఎంచుకోండి!

క్యాంపరు కొనేసేవాడు మూర్ఖుడు. ఎంచుకుంటూ కూర్చునేవాడే జ్ఞాని!

ఈ మాటన్నందుకు మోంటానాలో క్యాంపర్లు అమ్మేవాళ్లంతా రాళ్లు పట్టుకుని మీదికొచ్చినా సరే, వెనక్కి తీసుకునేది లేదు. వాళ్లూ ముందు ఏ రాయి బాగుంటుందో ఎంచుకోవాలి కదా. బోలెడు టైముంది.

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో ఎక్కించుకునే పెట్టె ఒకటుంది. దారిలో దాని కప్పు అణిగిమణిగి ఉంటుంది. మకాం వేసిన చోట పైకి లేస్తుంది. లోపల ఓ మంచం, ఓ పొయ్యి, మోకాళ్లు కొట్టుకునే బల్ల. దాన్నే పాప్-అప్ క్యాంపరు అంటారు. పాపం, లేచేది కప్పొక్కటే అయితే బాగుండును. మొదటిసారి కొనేవాడి బీపీ కూడా లేస్తుంది! క్యాంపరు కాదది, కంపరం!

అయితే ఆ కంపరమే మనిషికి కొండంత అండ అని నిరూపించిన మహానుభావుడు మా ఊళ్లోనే ఉన్నాడు. పేరు డెల్బర్ట్ స్కోగ్లండ్. సాగునీటి కాలవల మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఎవరి పొలానికి ఎన్నింటికి నీళ్లు వదలాలో నిలబడి నిమిషంలో తేల్చేసిన మనిషి. అది ఇతరుల పొలం గనక తేల్చాడు.

ఆయన భార్య అర్లీస్. ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు నడిపింది. ముప్పై ఒక్క మైళ్లు పోవడం, హాగన్ వాళ్ల పశువుల కంచె దగ్గర బస్సు వెనక్కి తిప్పడం, మళ్లీ ముప్పై ఒక్క మైళ్లు రావడం. తిప్పిన ప్రతిసారీ ఎదురుగా కొండల మధ్య కుంటిగుర్రం కనుమ దారి కనిపించేది. దాని అవతల ఏముందో ఆవిడ ఎన్నడూ చూడలేదు. పిల్లలు బడికి లేటవుతారు కదా!

రిటైరైన రోజున ఒక్కటే కోరిక కోరింది.

"డెల్, ఆ కనుమ దాటి అవతలికి పోదాం. వెనక్కి తిప్పకుండా, ముందుకే పోదాం. ఒక్కసారి."

"ఓస్, అంతేగా! క్యాంపరు కొనగానే బయల్దేరడమే."

ఆ "కొనగానే" అన్న ముక్కని కాస్త పట్టి చూడండి. ఎంత బరువుందో తర్వాత తెలుస్తుంది.

ఆ కనుమ రోడ్డుకి జూలై మొదట్లో గేటు తీస్తారు. సెప్టెంబరు ఆఖర్లో మంచు పడబోతోందనగానే వేసేస్తారు. ఏడాదిలో మూడు నెలల దారి. ఎంచుకోవడం తెలిసిన మగాడికి మూడు నెలలు ఏ మూలకొస్తాయి చెప్పండి?

మొదటి వేసవంతా ఆ లేచే కప్పు కింది గోడల దగ్గరే గడిచింది. గుడ్డ గోడలా, గట్టి గోడలా? గుడ్డవైతే తేలిక, కానీ ఎలుగుబంటికి అది గోడ కాదు, పొట్లాం! కొన్ని మకాముల్లో గుడ్డ గోడల వాళ్లని రానివ్వరు కూడా. గట్టివైతే ఎలుగుబంటి బెడద లేదు, కానీ బరువు.

"ఎలుగుబంటి వస్తే ట్రక్కు ముందు సీట్లోకి దూరిపోదాం," అంది అర్లీస్.

"దూరి? సీటు వెడల్పెంతో కొలిచావా? నేను కొలిచాను."

"మరి సరిపోతామా?"

"ఎలుగుబంటి ఎటువైపు నుంచి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది."

నవ్వకండి! ఆ వేసవిలో టెంటు వేసుకుని వెళ్లినవాళ్ల తిండిపెట్టెలు రెండు ఎలుగుబంట్ల పాలయ్యాయి. ఇంట్లో కూర్చుని గోడలు ఎంచుకుంటున్న డెల్ వైపు ఒక్క ఎలుగుబంటి కన్నెత్తి చూసిందా? ఏ క్యాంపరు ఇస్తుంది ఇంతటి రక్షణ?

ఇక చదువు సంగతి. క్యాంపర్లవాళ్లంతా కంప్యూటర్లో కూడి మాట్లాడుకునే ఫోరం ఒకటుంది. ఫోరం కాదది, ఘోరం! "మొదటిసారి కొంటున్నాను, ఏది మంచిది?" అని డెల్ ఒక్క ముక్క అడిగాడు. నాలుగొందల పన్నెండు జవాబులొచ్చాయి. అందులో మూడొందల మంది, క్యాంపరు సంగతి తర్వాత, ముందు నీ ట్రక్కు మార్చు అన్నారు. ఒరెగాన్ వాడొకడు గ్యాసు ఫ్రిజ్జు కొనమన్నాడు. అల్బర్టా వాడొకడు ఆ ఒరెగాన్ వాడి మాట వినేవాడు గాడిద అన్నాడు. డెల్ మంచివాడు, ఇద్దర్నీ నమ్మాడు.

గేటు వేసేశారు.

చలికాలం వచ్చింది. అప్పుడు మొదలైంది మంచాల పర్వం. మంచం అడ్డంగా ఉండాలా, నిలువుగా ఉండాలా? అడ్డంగా ఉంటే గోడవైపు పడుకున్నవాళ్లు దిగాలంటే రెండోవాళ్లని దాటాలి. నిలువుగా ఉంటే ఎవరి దారిన వాళ్లు దిగొచ్చు, కానీ కూర్చునే చోటు పోతుంది. దీన్ని కాగితం మీద తేల్చగలమా? అందుకని డెల్ గరాజులోంచి కార్లు రెండూ మంచులోకి గెంటి, రంగులవాళ్లు వాడే టేపుతో నేల మీద ఏడు క్యాంపర్ల నక్షాలు అంటించాడు. ఏడు రంగులు. బయట కార్లు గడ్డకట్టుకుపోతుంటే, లోపల మా డెల్ గరాజుకి రారాజు!

"నువ్వు ఈ నీలం టేపులో పడుకో అర్లీస్. గోడవైపుకి జరుగు. ఇప్పుడు నీకు బాత్రూముకి వెళ్లాలి. నన్ను దాటి దిగు."

"నాకు రావట్లేదు డెల్."

"వచ్చిందనుకో!"

"సరే, అనుకున్నా. ఆ చేత్తోనే కనుమ దాటేశామని కూడా అనుకోమంటావా?"

"ఎందుకే ఆ వెటకారం? కాలు ఎత్తు. ఆగు, ఎంత ఎత్తావో కొలవనీ."

క్యాంపరు కొన్న జంటలు ఏడాదికి ఓ పది రోజులు అందులో పడుకుంటాయేమో. డెల్ దంపతులు కొనకుండానే ఒకే చలికాలంలో ఏడు క్యాంపర్లలో పడుకున్నారు! వాన కారలేదు. దోమ కుట్టలేదు. సిమెంటు నేలకి నడుములు పట్టేశాయనుకోండి, అది వేరే సంగతి.

రెండో వేసవి వచ్చేసరికి డెల్ ఒకటి తేల్చాడు. నిజంగా తేల్చాడు! ఆకుపచ్చ టేపుది. ఫోను చేద్దామని ట్రక్కులో ఉన్న కళ్లద్దాల కోసం తలుపు తీశాడు. తలుపు అంచున, ఎనిమిదేళ్లుగా రోజూ కంటబడుతున్న పసుప్పచ్చ స్టిక్కరు ఆరోజే కనబడింది. ఈ బండిలో మనుషులు, సామాను అన్నీ కలిపి పద్నాలుగు వందల తొంభై పౌండ్లకి మించరాదు!

అక్కడ ఆగిపోయింది ఫోను.

క్యాంపరు చేసేవాళ్లు కాగితం మీద ఒక బరువు రాస్తారు. దాన్ని డ్రై వెయిట్ అంటారు. అంటే నీళ్లు లేకుండా, గ్యాసు లేకుండా, బ్యాటరీ లేకుండా, పరుపు లేకుండా. పెళ్లికొడుకుని బట్టలూ, ఎముకలూ తీసేసి తూచినట్టన్నమాట! అవన్నీ పెడితే వచ్చేది వెట్ వెయిట్. ఈ రెండూ కాక మూడోది ఇంకోటుంది, రెండో ఏడు అర్లీస్ చేస్తున్న వెయిట్. డెల్ వేసిన అరవై నాలుగు గడుల పట్టికలో దానికి గడి లేదు.

డెల్ తూచడం మొదలుపెట్టాడు. చెంచాలు తూచాడు. దుప్పట్లు తూచాడు. పళ్లు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోసి, ఎంత కలిసొచ్చిందో రాసుకున్నాడు. తూచి తూచి నీరసం వస్తే హకిల్‌బెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె రెండు ముక్కలు తినేవాడు. ఆ ముక్కలు మాత్రం తూచలేదు.

గోధుమల గాదె దగ్గర లారీల కాటా చూసే రస్, డెల్ చిన్ననాటి నేస్తం. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏరా డెల్బర్టూ, మా ముత్తాత ఆ కనుమని గుర్రబ్బండిలో దాటాడురా. దాని తలుపు మీద స్టిక్కరు లేదు గనక బతికిపోయాడు."

"మీ ముత్తాత బండిలో ఫ్రిజ్జుందా?"

"లేదు."

"చూశావా మరి!"

ఏం చూడాలో రస్‌కి అర్థం కాలేదు. రెండోసారి గేటు వేసేశారు.

మూడో వేసవి కథ చెప్పి మీ ప్రాణాలు తియ్యను. కిటికీలు, అంతే. మూడు నెలలూ కిటికీలే! సెప్టెంబరు ఇరవై మూడున పొద్దున్నే రేడియోలో చెప్పారు. కొండల మీద మంచు పడబోతోంది, సాయంత్రం ఆరింటికి కనుమ గేటు వేస్తున్నాం, ఇక జూలైలోనే తీస్తాం.

అర్లీస్ కాఫీ కప్పు కడిగి బోర్లించింది. ట్రక్కు తాళాలు తీసుకుంది. పక్కూళ్లో పాత క్యాంపర్లు అమ్మే ట్వైలా దగ్గరికి పోయింది. ట్వైలా అలవాటు ప్రకారం మొదలెట్టింది.

"ఏం కావాలి తల్లీ? గుడ్డ గోడలా, గట్టి గోడలా? మంచం అడ్డంగానా, నిలువుగానా? ఫ్రిజ్జు గ్యాసుదా, బ్యాటరీదా?"

"ఇవాళ ఎక్కించగలిగేది ఏది?"

"అదిగో, ఆ మూలనున్నది. గుడ్డ గోడలు. ఓ కిటికీ జిప్పు పాడైంది. ఫ్రిజ్జు లేదు, ఐసుపెట్టె."

"ఎక్కించు."

"లోపలికి తొంగి చూడవా?"

"దారిలో చూస్తా."

ఇలాంటివాళ్ల వల్లే కదండీ దేశంలో ఎంచుకునే కళ నాశనమైపోతోంది!

మధ్యాహ్నం మూడింటికి ఇంటి ముందు ట్రక్కు ఆగింది. డెల్ బయటికొచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరుని బూటు కాలితో తన్నాడు.

"ఎంత బరువు?"

"అడగలేదు. బట్టలు సర్దుకో."

"తూచకుండా నేను ఎక్కను."

"రస్ కాటా దారిలోనేగా ఉంది! తూచుకుందువుగాని. పద."

పాపం, డెల్ కూడా సరదాగానే సర్దుకున్నాడు. పనిముట్ల పెట్టె, మడత కుర్చీలు, ఇనప మూకుడు, మూడేళ్ల పరిశోధన ఫైళ్లు నాలుగు. ఇద్దరూ కూర్చుని ట్రక్కుని కాటా మీదికి ఎక్కించారు. రస్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"మూడొందల నలభై పౌండ్లు ఎక్కువరా!"

ట్యాంకులో నీళ్లు వదిలేశారు. కుర్చీలు దింపారు. మూకుడు దింపారు. పనిముట్లు దింపారు. ఫైళ్ల దగ్గర చిన్న రగడ జరిగింది.

"ఇవి లేకపోతే లోపల ఏది ఎలా పనిచేస్తుందో నీకెలా తెలుస్తుంది?"

"జిప్పు లాగితే తెరుచుకుంటుంది డెల్. దింపు."

దింపాడు. ఇంకా నూట ఎనభై ఎక్కువ.

"ఇంక దింపడానికి మీరిద్దరే మిగిలార్రా," అని రస్ పకపకా నవ్వాడు.

డెల్ నవ్వలేదు. జేబులోంచి పట్టిక తీశాడు. తన బరువు గడిలో వేలు పెట్టాడు. రెండొందల పన్నెండు. పెదాలు కదిలాయి. మూడేళ్లలో ఎన్నడూ లేనంతగా మొహం వెలిగిపోయింది.

"సరిపోయింది అర్లీస్! ముప్పై రెండు పౌండ్లు మిగులు కూడా!"

"ఏం సరిపోయింది?"

"నేను దిగిపోతే లెక్క కుదిరిపోతుంది."

దిగాడు కూడా. రస్ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అర్లీస్ ఖాళీ అయిన పక్క సీటుని చేత్తో తట్టింది.

"డెల్, ఎక్కు. నెమ్మదిగా నడుపుతా. అరవై మంది పిల్లల్ని ఇరవయ్యారేళ్లు మంచులో తిప్పాను, ఒక్క టైరు పేలలేదు. పేలితే ఇద్దరం దిగి నడుద్దాం. నాకు నువ్వు కావాలి, ఎక్కు. గేటు ఆరింటికి వేసేస్తారు."

"రెండు నిమిషాలు ఆలోచించనీ."

అర్లీస్ గడియారం చూసుకుంది. రెండు నిమిషాలు ఇచ్చింది. ఒక్క క్షణం తగ్గించలేదు. ఆ తర్వాత చెయ్యి చాపి పక్క సీటు తలుపు లోపలినుంచి మూసుకుని, గేరు వేసింది.

చూశారా పాఠకులారా! మూడేళ్ల పరిశోధన వృథా పోయిందన్నవాళ్ల నోళ్లు మూయించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ప్రయాణానికి అక్కర్లేని వస్తువేదో పౌండ్లతో సహా తేల్చి, తన చేతుల్తో తనే దించేశాడు! ఏ వర్తకుడు చెబుతాడు ఈ మాట? ఏ కంపెనీ కాగితంలో రాస్తుంది?

అయిదూ యాభైకి ఆవిడ గేటు దాటింది. పది నిమిషాలకి వెనకాల గేటు పడింది. ఇక జూలై దాకా ఆ దారిన వెనక్కి తిప్పడమనేది లేదు.

ఏడింటికి ఇంట్లో ఫోను మోగింది. డెల్ మొదటి మోతకే తీశాడు.

"డెల్! అవతల సరస్సుంది డెల్. ఎంత పొడవుందో! ఒడ్డునంతా దుప్పులే. మగది ఒకటి కొమ్ములెత్తి కూస్తోంది, ఈలేసినట్టుంది. ఫోను అటు పెడుతున్నా, విను."

"ఉండు ఉండు. ఆ పాడైన జిప్పులోంచి గాలి ఎంత వస్తోందో రాసుకోవాలి, పెన్ను తెచ్చుకుంటా. ఒక్క నిమిషం ఉండు."

ఆవిడ ఉండలేదు.