గ్రాఫుగారి గవదబిళ్ళలు

ఆ సోమవారం పొద్దున గ్రాఫుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. డైరెక్టరుకు ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పడం, ఫోన్ పెట్టేసి మళ్ళీ ముసుగుతన్నడం. ఆయన జాతీయ అంటువ్యాధుల నిఘా కేంద్రంలో ధోరణుల విభాగానికి అధికారి. ఏ జబ్బు పెరుగుతోందో, ఏది తగ్గుతోందో గీతలు గీసి చూపించడం ఆయన ఉద్యోగం. అందుకే ఆఫీసులో అందరూ వెనకాల ఆయన్ని గ్రాఫుగారనేవారు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

ఆ రోజు కేంద్రంలో సమీక్షా సమావేశం. జిల్లాల నుంచి వారం వారం వచ్చే నివేదికలన్నీ చదివి, రోగాల పోకడ ఎలా ఉందో వివరించాలి. గ్రాఫుగారు వాటిని చదవలేదు. ఆ అలవాటు ఆయనకు ఎప్పుడూ లేదు. పోయిన ఏడాది గీతనే కాస్త అటో ఇటో వంచి ఈ ఏడాది గీత అని చూపించడంలో మంచి నేర్పరి. ఈసారి ఆ వంచడానికి కూడా బద్ధకించాడు.

"కడుపునొప్పి అని చెప్పండి," అంది భార్య, పోస్టాఫీసుకు బయలుదేరుతూ. ఆమె అక్కడ కౌంటరులో పనిచేస్తుంది. "మొన్న నేనదే చెప్పాను. ఎవరూ మారు మాట్లాడలేదు."

"కడుపునొప్పంటే మాత్ర వేసుకుని రమ్మంటాడు. జ్వరమంటే మాస్కు పెట్టుకుని రమ్మంటాడు. దగ్గరికి రానివ్వని జబ్బేదైనా చెప్పాలి," అన్నాడు గ్రాఫుగారు.

తన పట్టికలోని జబ్బులన్నీ మనసులో ఒకసారి తిరగేశాడు. కలరా అంటే మరీ ఎక్కువవుతుంది. తట్టంటే ఒంటి మీద మచ్చలు చూపించాలి. గవదబిళ్ళలు మర్యాదస్తుల జబ్బులా కనిపించాయి. బుగ్గలు వాస్తాయి, ఓ వారం సెలవిస్తారు, తగ్గిపోతుంది. రుమాలు కొస నోట్లో కుక్కుకుని డైరెక్టరుకు ఫోన్ కలిపాడు.

"సార్, గవదబిళ్ళలండి."

తిట్లు మొదలవుతాయని గ్రాఫుగారు ఫోను చెవికి కాస్త ఎడంగా పట్టుకున్నాడు.

"నిజంగానా?" అన్నాడు డైరెక్టరు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, ఆశ.

దానికి కారణముంది. ఆ కేంద్రం పుట్టిన నాటినుంచి ఏ రోగాన్నీ ముందుగా కనిపెట్టిన పాపాన పోలేదు. ఎక్కడ ఏది పుట్టినా, అది తగ్గుముఖం పట్టాక పేపర్లో చదివి తెలుసుకునేది. పోయిన నెల మంత్రి వచ్చి, "మీరంతా ఇక్కడ ఏం చేస్తుంటారు?" అని అడిగి వెళ్ళాడు. ఆ ప్రశ్న కుశలప్రశ్న కాదని డైరెక్టరుకు తెలుసు. ఇప్పుడు రోగమే తనంతట తాను ఫోన్ చేసి ఉనికి చెప్పుకుంది.

"నువ్వు ఇంట్లోంచి కదలకు. బృందాన్ని పంపిస్తున్నా," అన్నాడు.

జిల్లాలవాళ్ళు మొత్తుకున్నప్పుడు బండి లేదని, బండి ఉంటే డీజిలు లేదని, రెండూ ఉంటే ఉత్తర్వు లేదని కదలని సత్వర స్పందన బృందం, గ్రాఫుగారు పళ్ళు తోముకునేలోపే ఆ వీధిలో దిగింది. ఆయన కిటికీలోంచి చూశాడు. మందుల డబ్బాలో ఉన్న దూదంతా తీసి రెండు బుగ్గల్లోనూ కూరుకున్నాడు.

బృందానికి పెద్ద ఒక డాక్టరమ్మ. గుమ్మం అవతలే నిలబడి, అక్కడి నుంచే ఆయన మొహం మీదికి టార్చి వేసింది. "వాపు స్పష్టంగా ఉంది," అని రాసుకుంది.

"నోరు తెరవమంటారా?" అన్నాడు గ్రాఫుగారు దూదిలోంచి.

"వద్దు వద్దు. తుంపరలతోనే కదా సార్ వచ్చేది. మీకు తెలియందేముంది? ఈ మధ్య మీరు ఎవరెవరితో దగ్గరగా మాట్లాడారో చెప్పండి చాలు."

ఎవరితోనూ లేదని చెప్పి ఉంటే వ్యవహారం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేది. కానీ గ్రాఫుగారికి కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు గుర్తొచ్చాడు. సరిగ్గా ఈయన ఒంటికి సబ్బు రాసుకునే సమయానికే నీళ్ళ మోటారు ఆపేసే మనిషి.

"మా ఓనరుతో మాట్లాడాను. మొహంలో మొహం పెట్టి మాట్లాడతాడు. కొన్నాళ్ళు ఆయన్ని గది దాటనివ్వకపోతే దేశానికి మంచిది," అన్నాడు. ఆ ఊపులో బావమరిదిని కూడా చేర్చాడు. ప్రతి ఆదివారం వచ్చి టీవీ ముందు కూర్చుని రిమోటు వదలని బావమరిది.

బృందం కిందికి దిగేసరికి ఓనరు ఒక చెంప పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చెంప బూరెలా ఉబ్బి ఉంది.

"ఇది పన్నండి. జ్ఞానదంతం. డాక్టరు దగ్గరికే వెళ్తున్నాను," అన్నాడు.

"మొదట్లో అందరూ అలాగే అనుకుంటారు," అంది డాక్టరమ్మ. రెండో కేసు నమోదైంది.

బావమరిది డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెబుతాడు. పుట్టుకతోనే బొద్దు బుగ్గలవాడు. కారు ఆపించి కిటికీలోంచి టార్చి వేశారు.

"ఈ బుగ్గలు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?"

"పుట్టినప్పటినుంచి," అన్నాడు బావమరిది.

రోగి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడని రాసుకుని, మూడో కేసు కింద వేశారు.

సాయంత్రానికి డైరెక్టరు గదిలో గోడ మీద ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టి కలిపారు. గీత నిటారుగా పైకి లేచింది. అలాంటి గీతను ఆ గోడ ఎన్నడూ ఎరగదు. డైరెక్టరు దాని ముందు నిలబడి ఫొటో దిగి మంత్రికి పంపించాడు. ధోరణుల విభాగంలోని గుమాస్తా మాత్రం కంగారుగా గ్రాఫుగారికి ఫోన్ చేశాడు.

"సార్, ఇలాగే పొడిగిస్తూ పోతే ఏడాది తిరిగేసరికి దేశ జనాభా కన్నా రోగులే ఎక్కువైపోతున్నారు. గీత ఎక్కడ ఆపమంటారు?"

"గోడ అయిపోయినచోట," అన్నాడు గ్రాఫుగారు.

డ్రైవింగు స్కూలు మూసేశారు. అందులో నేర్చుకునేవాళ్ళందరినీ ఇళ్ళలో కట్టడి చేశారు. ఓనరు పళ్ళ డాక్టరుకు ఫోన్ మాత్రమే చేశాడని తేలినా, ఎందుకైనా మంచిదని ఆ ఆస్పత్రికీ తాళం వేశారు. పోస్టాఫీసులో గ్రాఫుగారి భార్యను చూసి క్యూ మొత్తం రెండడుగులు వెనక్కి జరిగింది. ఆమె ఇంటికి వచ్చి బ్యాగు బల్ల మీద పడేసింది.

"నేను కడుపునొప్పి అని చెప్పమన్నానా లేదా? మా తమ్ముడి బుగ్గలు మీకేం అపకారం చేశాయి? ఇప్పుడే మీ డైరెక్టరుకు ఫోన్ చేసి చెప్పేస్తాను."

"నిజం బయటపడితే ఉద్యోగం పోతుందే," అన్నాడు గ్రాఫుగారు దూది బయటికి తీసి. "నాలుగు రోజులు ఓపిక పట్టు. వాపు తగ్గినట్టు రోజుకింత దూది తగ్గిస్తాను."

అంత సమయం దొరకలేదు. వీధిలో అంబులెన్సు కూత వినిపించింది. దూది మళ్ళీ లోపలికి వెళ్ళింది, దూదితో పాటు గ్రాఫుగారు పెద్దాసుపత్రి ప్రత్యేక వార్డుకు వెళ్ళాడు. ఓనరునీ బావమరిదినీ ఇంకో గదిలో పెట్టారు. గ్రాఫుగారి పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. అతని బుగ్గలు చెవులు కనపడనంతగా వాచి ఉన్నాయి. వాటిలో దూది లేదు.

భోజనం వేళ గ్రాఫుగారు గోడవైపు తిరిగి దూది తీసి అన్నం తినడం మొదలుపెట్టాడు. డ్రైవరు మింగలేక మింగలేక నాలుగు చుక్కల పాలు మింగి, ఈయన్ని చూశాడు.

"మీకు తొందరగానే తగ్గినట్టుందే సార్. మా కొండ జిల్లాలో అంత తొందరగా ఎవరికీ తగ్గలేదు. నెలల తరబడి ఇదే గోల. బడులు ఖాళీ. మా చిన్నపిల్లకు తగ్గింది గాని, ఒక చెవి పోయింది. ఆ పక్కనుంచి పిలిస్తే పలకదు."

గ్రాఫుగారి చేతిలో ముద్ద ఆగింది. "మరి ఎవరికీ చెప్పలేదా?"

"మా డాక్టరు వారం వారం పైకి రాస్తూనే ఉన్నాడు. అవన్నీ చదవడానికి పైన ఎవరో ఉంటారట." డ్రైవరు దగ్గాడు. "ఉన్నారో లేదో మాకేం తెలుసు? ఇంతకీ తమరేం చేస్తుంటారు?"

"డ్రాయింగు," అన్నాడు గ్రాఫుగారు.

ఆ తరువాత ఆయనకు భోజనం సయించలేదు. వరండాలోకి వెళ్ళి డైరెక్టరుకు ఫోన్ చేశాడు. "సార్, కొండ జిల్లాలో నిజంగానే ఉందటండి. పిల్లలకు చెవులు పోతున్నాయట."

"అది ఇప్పుడు తీసుకురాకయ్యా," అన్నాడు డైరెక్టరు. "మన మూడు కేసులూ అదుపులోకి వచ్చాయని మంత్రిగారికి చెప్పేశాను. మధ్యలో నాలుగోది తెస్తే గీత పాడవుతుంది."

గ్రాఫుగారు ఫోన్ పెట్టేశాడు. ఆయన మనస్సాక్షి పైఅధికారి చెవిన ఒక మాట వేసేంతవరకే మేలుకుని ఉండే రకం. తిరిగొచ్చి పడుకుని గుర్రుపెట్టాడు.

రోగం అదుపులోకి రావడం సులువుగానే జరిగింది. ఓనరు పన్ను పీకించుకుని మామూలు మనిషయ్యాడు. బావమరిది బుగ్గలు నిలకడగా ఉన్నాయని ప్రకటించారు. గ్రాఫుగారి దూదిని నర్సు చెత్తబుట్టలో ఊడ్చేసింది. కొత్త కేసు ఒక్కటీ రాలేదు. దేశంలో గవదబిళ్ళలు లేవని మంత్రి టీవీలో చెప్పాడు, రెండు మూడు వారాలకు అభినందన సభ ఏర్పాటు చేశాడు. గ్రాఫుగారికి ప్రశంసాపత్రం రాశారు. తన ప్రాణాలకు తెగించి మరీ రోగాన్ని గుర్తించాడని అందులో ఉంది.

సభ రోజు పొద్దున గ్రాఫుగారు మేలుకునేసరికి తల దిమ్ముగా ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. అద్దంలో చూసుకుంటే మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు.

"మళ్ళీ ఎందుకండీ దూది? తీసెయ్యండి," అంది భార్య. తీయకపోయేసరికి వేలితో బుగ్గ నొక్కింది. ఆయన కెవ్వుమన్నాడు. ఆమె మంచం అంచున కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది.

గ్రాఫుగారు వణుకుతూ డైరెక్టరుకు ఫోన్ చేశాడు. "సార్, గవదబిళ్ళలండి. నేను రాలేను."

"ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదయ్యా. అయినా దేశంలో లేదని మంత్రిగారు చెప్పాక నీకొక్కడికి ఎలా వస్తుంది? పన్ను వాచి ఉంటుంది. తొందరగా వచ్చెయ్."

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. గ్రాఫుగారు వెళ్ళాడు. కేంద్రం సిబ్బంది అంతా ముందు వరసల్లో కూర్చుని ఉండగా, మైకు దగ్గర నిలబడి ధోరణుల గురించి తుంపరలు రాలేలా అరగంట మాట్లాడాడు. మంత్రి కౌగలించుకున్నాడు. డైరెక్టరు రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన్ని ఆనుకుని ఫొటోలు దిగారు.

మరికొన్ని వారాలు గడిచాయి. మంత్రికి పన్ను వాచిందని అధికారిక ప్రకటన వెలువడింది. డైరెక్టరు బుగ్గలు భుజాల మీదికి జారాయి. నివేదికలు అందుకునేవాళ్ళు, అంకెలు ఎక్కించేవాళ్ళు, చుక్కలు కలిపేవాళ్ళు అందరూ ఇళ్ళలో మంచాలెక్కడంతో, ఆ నెల దేశంలో గవదబిళ్ళల కేసులు సున్నా అని నమోదైంది.