నూనె లేని మిర్చి బజ్జీ

ఆ ఆదివారం పొద్దున అలివేలు వేసుకున్న పథకం చిన్నదే. ఆడబిడ్డ లక్ష్మీనర్సమ్మ మిర్యాలగూడలో బస్సెక్కేలోపు, తాను సూర్యాపేటలో ఒక ఎయిర్ ఫ్రయర్ కొనెయ్యాలి.

ఇంత తొందర ఎందుకంటే, అంతకు ముందు వారం అలివేలు భర్త రామనర్సయ్యకు రక్త పరీక్షలో కొవ్వు ఎక్కువని తేలింది. నూనెలో వేయించినవి మానెయ్యమని డాక్టరు చెప్పాడు. అక్కడితో ఆగితే గొడవ లేదు. కానీ రామనర్సయ్య కాలికి ముల్లు గుచ్చుకున్నా మిర్యాలగూడలో ఉన్న అక్కకు ఫోన్ చేసి చెప్పే మనిషి. ఇది కూడా చెప్పాడు. తాను వస్తున్నానని, తమ్ముడి రక్తం సాఫ్ అయ్యేదాకా అక్కడే ఉండి పొద్దున కొర్రల గంజి, రాత్రి ఉడకబెట్టిన కాకరకాయ తన చేత్తోనే పెడతానని అక్క ప్రకటించింది.

లక్ష్మీనర్సమ్మ రావడమంటే ఏమిటో అలివేలుకు తెలుసు. ఎప్పుడో రామనర్సయ్యకు కామెర్లు వచ్చినప్పుడు ఆవిడ ఇలాగే వచ్చింది. కామెర్లు పోయాయి గానీ ఆవిడ పోలేదు. అన్ని రోజులూ అలివేలు తన వంటింట్లో తన పోపుల డబ్బా ముట్టుకోవడానికి అనుమతి అడగవలసి వచ్చింది. ఆ గంజి గుర్తొస్తే రామనర్సయ్యకు ఇప్పటికీ నోట మాట రాదు. అందుకే అలివేలు ధైర్యం చేసి, నూనె లేకుండా వేయించే మిషన్ తెస్తున్నామని, ఆవిడకు ఆ శ్రమ అక్కర్లేదని ఫోన్లో చెప్పింది.

"తెచ్చి సూపియ్యి పిల్లా. పనిచేస్తే మంచిదే. చెయ్యకుంటే నా మూట సర్దే ఉంది," అంది లక్ష్మీనర్సమ్మ.

షాపులో రామనర్సయ్య అన్నిటికంటే పెద్ద మిషన్ ముందు నిలబడి కదల్లేదు. ఒక వాయికి ఎన్ని బజ్జీలు పడతాయన్నదే ఆయన లెక్క. కోదాడలో కాపురం ఉంటున్న కూతురు సరళ ఫోన్లో అడ్డుపడింది.

"మీ ఇద్దరికీ నాలుగు లీటర్లది చాలమ్మా. పెద్దది కొంటే నాన్న దాన్ని నింపుతూ కూర్చుంటారు," అంది.

చిన్నదే కొన్నారు. ఇందులో ఏదైనా చేసుకోవచ్చని షాపతను అన్నాడు. ఏదైనా అంటే అందులో మిర్చి బజ్జీ కూడా ఉన్నట్టేనని రామనర్సయ్య అర్థం చేసుకున్నాడు. మార్కెట్ యార్డు ఆఫీసులో పని ముగించుకుని మంగ్త్యా బండి దగ్గర నాలుగు బజ్జీలు తిననిదే ఆయనకు సాయంత్రం అయినట్టు ఉండేది కాదు. ఆ మంగ్త్యా ఎవరో కాదు, వాళ్లింటి వెనక రెండు గదుల్లో భార్య సోనీతో కిరాయికి ఉంటున్నవాడే. సార్‌కు ఇక బజ్జీ అమ్మనని అలివేలుకు మాటిచ్చి, ఆ మాట మీదే నిలబడ్డాడు పాపం.

ఇల్లలకగానే పండుగ కాదని అలివేలుకు ఆ సాయంత్రమే తెలిసింది. మిరపకాయలను శనగపిండిలో ముంచి బుట్టలో పేర్చి మీట నొక్కింది. పిండి అంతా బుట్ట చిల్లుల్లోంచి కిందికి కారి అట్ట కట్టింది. మిరపకాయలు మాత్రం ఒంటి మీద ఏమీ లేకుండా ముడుచుకుని పడుకున్నాయి. వంటింటి నిండా మాడు వాసన. హాల్లో రామనర్సయ్య అప్పటికే అక్కకు వీడియో కాల్ చేసి, ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అంటున్నాడు. ఫోన్లోంచి మూట సంగతి కూడా వినబడుతోంది.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి కమ్మటి వాసన వచ్చింది. బండి బయలుదేరే ముందు మొదటి వాయి సోనీ ఇంటి దగ్గరే వేస్తుంది. అలివేలు ఏమీ ఆలోచించలేదు. పెరటి తలుపు తీసి, పళ్లెం నిండా బజ్జీలు తెచ్చి, పాత పేపర్లో నూనె ఒత్తి, మిషన్ బుట్టలో సర్ది, ఆ బుట్టతోనే హాల్లోకి వెళ్లింది.

రామనర్సయ్య ఒకటి కొరికి కళ్లు మూసుకున్నాడు. "అక్కా, అచ్చం మన మంగ్త్యా బజ్జీ లెక్కనే ఉందే. సుక్క నూనె లేదు," అన్నాడు.

బుట్టను ఫోన్ ముందుకు తెమ్మని ఆవిడ తేరిపార చూసింది. తర్వాత, సరే కానియ్యమని లక్ష్మీనర్సమ్మ ఫోన్ పెట్టేసింది. గండం గడిచిందని అలివేలు ఊపిరి పీల్చుకుంది. ఒక్క రోజు అబద్ధమే కదా అనుకుంది. మర్నాడు సాయంత్రం రామనర్సయ్య చేతులు కడుక్కుని కూర్చుని, ఇవాళ్టి బజ్జీలు ఏవని అడిగాడు.

అలా అది రోజువారీ పని అయింది. సోనీ పెరటి తలుపు దగ్గర నవ్వుకుంటూ పళ్లెం అందించేది. వేళ్లకు నూనె అంటితే, అది శనగపిండిలో సహజంగా ఉండే నూనె అని రామనర్సయ్య తనకు తానే చెప్పుకునేవాడు. నూనె లేదు కదా అన్న భరోసాతో నాలుగు తినే మనిషి ఎనిమిది తినడం మొదలుపెట్టాడు. ఆయన ఒక్కో బజ్జీ నోట్లో పెట్టుకుంటుంటే అలివేలు లోలోపల లెక్కపెట్టేది. నిజం చెబితే ఆడబిడ్డ వస్తుంది, చెప్పకపోతే మొగుడి ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. తేలు కుట్టిన దొంగలా తిరుగుతూ, రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేది.

రామనర్సయ్య తిని ఊరుకున్నా బాగుండేది. డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లి, పక్క సీటు మహేశ్వర్‌కు తినిపించాడు. మహేశ్వర్ ఆ వారమే అదే మిషన్ కొన్నాడు. అతని భార్య వసంత పోసిన పిండి పోసినట్టే కిందికి కారింది. పిండి కలపడం రాదని మహేశ్వర్ అనడం, అంత వచ్చినవాళ్ల దగ్గరికే వెళ్లి తినమని వసంత అనడం జరిగిపోయాయి. ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు.

తర్వాత రామనర్సయ్య మంగ్త్యా బండి దగ్గర ఆగి, ఇక బండి సంగతి చూసుకొమ్మని, రేపో మాపో ఇంటింటికీ ఈ మిషన్ వస్తుందని జాలిగా చెప్పి, డబ్బా తెరిచి ఒకటి చేతిలో పెట్టాడు. సోనీ ఈ పళ్లాల సంగతి మొగుడికి చెప్పలేదు. అలివేలు ఒట్టు పెట్టించుకుంది మరి. మంగ్త్యా నెమ్మదిగా నమిలాడు. అతని ముఖం పాలిపోయింది.

"అబద్ధం జెప్ప సార్. మా సోనీ బజ్జీ కంటే ఇదే మంచిగుంది," అన్నాడు.

అక్కడితో ఊరుకోక ఆ మాట ఇంటికెళ్లి సోనీకి కూడా చెప్పాడు. తన బజ్జీ తిని తన బజ్జీ కంటే బాగుందన్న మొగుణ్ని ఏ ఆడది భరిస్తుంది? చిల్లుల గరిటె గోడకు తగిలిన చప్పుడు అలివేలు వంటింట్లోకి వినబడింది. మర్నాడు సోనీ ఖాళీ పళ్లెంతో వచ్చి నిలబడింది.

"ఇగ నా వల్ల కాదు ఆంటీ. గా మిషన్ల ఎట్ల వస్తయో గట్లనే ఏసుకో," అంది.

అలివేలు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఎందుకంటే ఆ పొద్దునే రామనర్సయ్య ఇంకో ఘనకార్యం చేశాడు. ఆదివారం సాయంత్రం అందరి ముందూ అలివేలు బజ్జీలు వేసి చూపిస్తుందని మహేశ్వర్ దంపతులను పిలిచాడు. బజ్జీ గురించి తెలిసినవాడు ఒకడుండాలని మంగ్త్యానూ పిలిచాడు. ఇవన్నీ చాలనట్టు అక్కనూ పిలిచాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఈ ఒక్క ఆదివారం గట్టెక్కిస్తే ఆ రాత్రే మొగుడికి నిజం చెప్పేస్తానని అలివేలు బతిమాలింది. సోనీ మనసు మెత్తనిది. ఒప్పుకుంది గానీ, ముఖం మాత్రం మామూలు కాలేదు.

ఆదివారం లక్ష్మీనర్సమ్మ దిగింది, చంకన మూటతో, చేతిలో కొర్రల సంచీతో. హాల్లో మంచి కుర్చీ ఆవిడకు వేశారు. వసంత వంటింట్లోకి వచ్చి చూస్తానంది. పొగ తగిలితే పట్టుచీర పాడవుతుందని అలివేలు ఆపింది. పొగ రాని మిషన్ అని కదా మీ ఆయన చెప్పాడని వసంత అంటున్నా వినకుండా తలుపు దగ్గరికి వేసింది. మిషన్‌ను ఖాళీగానే తిప్పి, అది బుసబుసమంటుండగా పెరట్లోకి పరుగెత్తింది.

పెరట్లో సోనీ బజ్జీలు తీస్తూ, మొగుడు అన్న మాటను మొదటి నుంచి మళ్లీ ఏకరువు పెట్టింది. వినకపోతే పళ్లెం దొరకదు. అలివేలు ఊఁ కొడుతూ, అవునవునంటూ విని, పళ్లెం అందుకుని, వంటింట్లోకి వచ్చి బజ్జీలు బుట్టలో సర్ది, గబగబా హాల్లోకి నడిచింది. మిషన్ బుసబుస ఆగిపోయిన సంగతి ఆ కంగారులో ఆమె చెవికెక్కలేదు.

హాల్లో అందరూ పేపర్లతో విసురుకుంటున్నారు. అలివేలు పొగలు కక్కుతున్న బజ్జీలను బల్ల మీద పెట్టింది. ఎవరూ చెయ్యి చాపలేదు. వసంత పైన ఆగిపోయిన ఫ్యాన్‌ను చూసింది, తర్వాత బజ్జీలను చూసింది, మళ్లీ ఫ్యాన్‌ను చూసింది.

"కరెంటు పోయి శానా సేపాయె గదా వదినా," అన్నాడు మహేశ్వర్.

అలివేలు కళ్ల ముందు కాకరకాయలు, కొర్రలు, తనది కాని తన వంటిల్లు వరసగా కదిలాయి. ఇక చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో లక్ష్మీనర్సమ్మ చెయ్యి చాపి ఒక బజ్జీ తీసుకుంది. కొరికింది. నింపాదిగా నమిలింది. అందరూ ఆవిడ నోటి వంక చూస్తున్నారు.

"గిండ్ల వింత ఏముంది? కట్టెల పొయ్యి ఆర్పినంక గూడ నిప్పుల మీద కూర ఉడుకుతలేదా? లోపల కాక ఉంటది. నా మిషన్ గూడ గంతే," అంది.

"నువ్వెప్పుడు కొన్నవే అక్కా?" అన్నాడు రామనర్సయ్య.

"నువ్వు ఫోన్ల గంత మెచ్చుకుంటివి. కొనకుంట ఉంటనా?"

లక్ష్మీనర్సమ్మ మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ గదిలో ఎవరికీ లేదు. రామనర్సయ్య గర్వంతో అందరి వంకా చూశాడు. మంగ్త్యా ఒక్కడే కూలబడిపోయాడు. నూనె అక్కర్లేదు, ఇప్పుడు కరెంటు కూడా అక్కర్లేదు, ఇక తామెట్ల బతకాలని దీనంగా అడిగాడు. వంటింటి తలుపు చాటునుంచి వింటున్న సోనీ ఇక ఆగలేకపోయింది. వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. కాసేపటికి పెరట్లోంచి మంగ్త్యా పడిపడి నవ్వుతున్న చప్పుడు వినబడింది. తిరిగొచ్చి నవ్వు బిగబట్టుకుని, బజ్జీ బ్రహ్మాండమని, వేసిన చెయ్యి గొప్పదని చెప్పి ఇంకొకటి తీసుకున్నాడు. వసంత ఆ పెరటి తలుపునే చూస్తూ, ఆ తర్వాత మొగుడిని చూస్తూ, హాయిగా నవ్వింది.

చెయ్యి కడుక్కునే నెపంతో లక్ష్మీనర్సమ్మ వంటింట్లోకి వచ్చింది. అలివేలు తల వంచుకుని నిలబడింది.

"మీ బండోడు నయం. మా మిర్యాలగూడ బండోడు పిండిల సోడా ఎక్కువేస్తడు," అంది లక్ష్మీనర్సమ్మ మెల్లగా.

అలివేలు తలెత్తి చూసేసరికి అసలు సంగతి ఆవిడే చెప్పింది. ఆ మహాతల్లి తమ్ముడి మాట నమ్మి మిషన్ కొని, మొదటి రోజే పిండి కారిపోతే, ఇంట్లో తన కోడలి ముందు చులకనవుతానని రైసు మిల్లు పక్క బండి నుంచి దొంగచాటుగా బజ్జీలు తెప్పిస్తోంది. అలివేలుకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. భయంతో చేశానని, రోజూ నూనెలో వేయించినవి తానే చేతులారా పెడుతున్నానని, ఆయనకేమన్నా అయితే తాను బతకలేనని చెప్పేసింది. లక్ష్మీనర్సమ్మ కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వంటింట్లో ఇద్దరూ ఒక పీట మీద కూర్చున్నారు. రేపటి నుంచి బజ్జీ బంద్ అని ఒక మాట అనుకున్నారు. పల్లీలు, గెణుసుగడ్డ ముక్కలు ఆ మిషన్‌లో బాగా వస్తాయని పెద్దావిడ చెప్పింది. కొర్రల సంచీ గూట్లో పెట్టి, తన మూట తాను తీసుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. మొగుడికి నిజం చెప్పాలన్న అలివేలు నిర్ణయాన్ని మాత్రం ఆవిడే ఆపింది. వాడికి చెబితే తనకే ఫోన్ చేసి చెబుతాడంది.

మర్నాటి నుంచి ఆ మిషన్ ఇక బజ్జీలు ఇవ్వడం మానేసింది. పల్లీలు ఇచ్చింది, గెణుసుగడ్డలు ఇచ్చింది, ఆదివారం పసుపు, కారం పట్టించిన చేప ముక్కలు ఇచ్చింది. అంతమంది కళ్లు పడ్డాయి కాబట్టి మిషన్‌కు దిష్టి తగిలిందని రామనర్సయ్య తేల్చాడు. దాని పిడికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారంతో కట్టాడు. ఆ ఇంట్లో మిరపకాయలకూ ఆ మిషన్‌కూ మిగిలిన సంబంధం అదొక్కటే.

తర్వాతి పరీక్షలో కొవ్వు దిగింది. ఆ సంతోషంలో రామనర్సయ్య, అభిప్రాయం రాయమని కంపెనీవాళ్లు అడిగిన చోట ఐదు స్టార్లూ ఇచ్చి కింద రాశాడు: "కరెంటు లేకున్నా పనిచేస్తుంది. బంధువులకు మాత్రం చూపించకండి."