నీటి క్యూబుకు లాగిన్ దొరికిన వైనం

“ఇకమీదట ఈ ఊళ్లో ఏ కుళాయి ఎండినా మీకంటే ముందు నాకు తెలుస్తుంది!” అని నీటి మంత్రిగారు ప్రకటించారు. అంత ముందుచూపున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. మా వీధి కుళాయి ఎండలు మొదలవగానే ఎండింది. ఆ సంగతి మా అందరికీ తెలుసు, తెలియవలసింది ఆయన ఒక్కరికే. అందుకే క్యూబు చేయించారు.

క్యూబంటే ఏదో డబ్బా అనుకున్నాను. కాదట, కంప్యూటర్లో ఉంటుందట. నీటి సరఫరా బోర్డు దగ్గరున్న కుళాయి లెక్కలన్నీ తెచ్చి పేర్చుకుని, ఏ వీధి సంగతి అడిగితే ఆ వీధి సంగతి చెబుతుందట. ఎండిందని క్యూబు చెప్పిన వీధికి ఆ రోజే నీళ్ల లారీ. క్యూబు నోరు విప్పేదాకా ఎవరికీ లారీ లేదు. న్యాయమంటే అలా ఉండాలి.

ప్రారంభోత్సవంలో బటన్ నొక్కడానికి ఒక సామాన్యురాలు కావాలన్నారు. క్యూబు పని చూసేది మా కోడలే కాబట్టి నన్ను తీసుకుపోయింది. మా వీధికి లారీ వస్తుందన్న ఆశతో గట్టిగా నొక్కాను. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు.

“ఏమంటోందమ్మా?” అన్నారు మంత్రిగారు.

“లాగిన్ ఫెయిలైందండి. బోర్డు డేటాబేస్ మన క్యూబుని లోపలికి రానివ్వలేదు” అంది కోడలు.

“నేను పంపానని చెప్పిందా?”

మంత్రిగారు తన కంప్యూటర్లోంచి స్వయంగా బోర్డు డేటాబేస్‌లోకి వెళ్లి చూశారు. టక్కున తెరుచుకుంది. “చూశారా, నాకు తెరిచింది! తప్పు క్యూబుదే. సస్పెండ్ చెయ్యండి!” పక్కనున్న ఆయన సెక్రటరీగారు అప్పుడే కలం తీశారు.

“అది కాదు సార్” అంది కోడలు. “మీరెళ్తే మీ పేరుతో వెళ్తారు. క్యూబు దాని సర్వీస్ అకౌంట్ పేరుతో వెళ్తుంది. ఆ పేరు బోర్డు వాళ్లకి తెలీదు. మనం కొట్టుకి మనిషిని పంపితే, కొట్టువాడు వచ్చినవాడి మొహం చూస్తాడు కానీ ఇంట్లో కూర్చున్న మన మొహం చూడడు కదండీ.”

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట” అన్నాను. నాకు అర్థమైంది. మంత్రిగారి స్థాయికి అది మరీ చిన్న విషయం.

“అయితే నా పేరే పెట్టండి. నా పేరుకి తెరుచుకోని తలుపుందా?”

“పాస్‌వర్డ్, సార్?” అన్నారు సెక్రటరీగారు.

మంత్రిగారు అటూ ఇటూ చూసి సెక్రటరీ చెవిలో చెప్పారు. సభల్లో పండిన గొంతు, చివరి వరస దాకా వినబడింది. అభిమానులంతా ఫోన్లు తీసి తలా ఒకసారి ఆయన పేరుతో లాగిన్ అవబోయారు. సగంమంది తప్పుగా కొట్టారు. అకౌంట్ లాకైంది. ఇప్పుడు క్యూబుతో పాటు మంత్రిగారికీ ప్రవేశం లేదు. ప్రజలతో సమానంగా నిలబడటమంటే అదే.

బోర్డు పెద్ద ఇంజనీరుగారిని పిలిపించారు.

“సర్వీస్ అకౌంట్‌కి చదివే హక్కొక్కటి ఇవ్వండి సార్. నిమిషం పని” అంది కోడలు.

ఆయన మొహం పాలిపోయింది. “చదివే హక్కిస్తే చదివేస్తారు కదమ్మా!”

“అందులో ఏముందయ్యా?” అన్నారు మంత్రిగారు.

“ఏమీ లేదు సార్. అదే భయం.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఎవర్నీ ఆపని డేటాబేస్ ఏదీ లేదా?” అన్నారు చివరికి మంత్రిగారు.

“మన ట్రైనింగ్‌ది ఉంది సార్” అన్నారు సెక్రటరీగారు. “కొత్తవాళ్లు పని నేర్చుకోవడానికి అందులో తోచిన అంకెలు కొడుతుంటారు.”

“అవి నీళ్ల లెక్కలు కావు సార్!” అంది కోడలు.

“నువ్వు మరీ నెగెటివ్ తల్లీ.”

క్యూబుని దానికి తగిలించారు. “అత్తయ్యా, నొక్కండి” అంది కోడలు, నా మొహం చూడకుండా. నొక్కాను. ఈసారి పచ్చటి అక్షరాలు. ట్రైనింగ్‌లో ఎవరో తొమ్మిది మీట మీద మోచెయ్యి ఆనించి కునుకు తీసినట్టున్నారు, మా వీధిలో నీళ్లు ఇంటి చూరు దాకా ఉన్నాయని తేలింది.

“మా వీధిలో గొంతు తడుపుకోను చుక్క లేదు బాబూ” అన్నాను.

“మామ్మగారూ, క్యూబు కంటే మీకు తెలుసా?” అని మంత్రిగారు ఆప్యాయంగా నా భుజం తట్టారు.

మర్నాడు పొద్దున మా వీధిలోకి లారీ వచ్చింది. బిందెలతో పరిగెత్తాం. లారీలోంచి పడవ దింపారు.

“వరద బాధితులు వరసగా ఎక్కండి!” అన్నాడు మంత్రిగారి కార్యకర్త, మెడలో కెమెరాతో. దుమ్ములో పడవ పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎదురింటావిడ చంటిపిల్లతో ముందు కూర్చుంది. తెడ్డు నాకిచ్చారు. అతను కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు.

“మామ్మగారూ, కాస్త తడిసినట్టు కనబడండి.”

“నీళ్లు తెప్పించు నాయనా, తడుస్తాం.”

అతనికది సబబుగా తోచింది. ఎవరికో ఫోన్ చేసి, “ఫొటో కోసమండీ, మంత్రిగారి ఫొటో!” అని అరిచాడు. చెమట ఆరేలోగా నీళ్ల లారీ వచ్చింది. పైపు మా మీదికి తిప్పారు. వీధి వీధంతా బిందెలు, బకెట్లు, చంటిపిల్ల స్నానం తొట్టి పట్టుకుని పడవెక్కింది.

ఆ ఫొటో పేపర్లో పడలేదు. వరద బాధితులు నవ్వుతున్నారని మంత్రిగారు వద్దన్నారట.